నిధి కథలో బాలుడి స్థానం: ‘ఛోటా భీమ్ అండ్ ది కర్స్ ఆఫ్ దమ్యాన్’ పరిశీలన

ఉపోద్ఘాతం

తెలుగు బాలసాహిత్య పరిశోధన నేటికీ ప్రధానంగా ముద్రిత గ్రంథాలకే పరిమితమై ఉంది. గడచిన రెండు దశాబ్దాలలో పిల్లలు విన్న, చూసిన కథల్లో పెద్ద భాగం బొమ్మల ధారావాహికలద్వారా అందినదే. హైదరాబాద్‌లోని గ్రీన్ గోల్డ్ యానిమేషన్ సంస్థ రూపొందించగా 2008లో ప్రసారం మొదలైన ‘ఛోటా భీమ్’ వీటిలో ప్రముఖమైనది. ఈ ధారావాహికకు అనుబంధంగా రాజీవ్ చిలక దర్శకత్వంలో 2012లో వచ్చిన ‘ఛోటా భీమ్ అండ్ ది కర్స్ ఆఫ్ దమ్యాన్’ ఒక నిధి అన్వేషణ కథ. అందులో బాలుడు నిధిని వెదికే సాహసియా, పెద్దల నిధికాంక్షకు సాధనమా అన్న ప్రశ్నను ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

పటం – అంజనం

ఆంగ్లంలో నిధి అన్వేషణ కథకు ఒరవడి దిద్దింది 1883లో పుస్తకంగా వెలువడిన స్టీవెన్‌సన్ ‘ట్రెజర్ ఐలాండ్’. అందులో ద్వీపపటం జిమ్ హాకిన్స్ అనే బాలుడికే మొదట దొరుకుతుంది. 1987లో మొదలై, తరవాత దూరదర్శన్ ద్వారా మన పిల్లలకూ పరిచయమైన ‘డక్ టేల్స్’ కూడా ఈ ఒరవడిలోనిదే. స్క్రూజ్ వెంట వెళ్ళే ముగ్గురు పిల్లలు ఆ వేటలో భాగస్వాములు. వారి తెలివితేటలకు అక్కడ విలువ ఉంటుంది.

తెలుగు జానపద విశ్వాసంలో నిధికి పటం ఉండదు, అంజనం ఉంటుంది. అంజనం వేసేవాడు మాంత్రికుడు. అందులోకి చూసి జాడ చెప్పడానికి తరచు ఒక పిల్లవాణ్ణి కూర్చోబెడతారు. చూపు పిల్లవాడిది, కోరిక మరొకరిది. లంకెబిందెలకు పాము కాపలా ఉంటుందనీ, నిధి బలి కోరుతుందనీ చెప్పే మాటలు ఈ విశ్వాసంలో విడదీయరాని భాగాలు. ఖమ్మం–భద్రాచలం అడవి అంచున ఉన్న మా తల్లాడ ప్రాంతంలో పాతదిబ్బ ఉన్నచోటల్లా నిధి ఊసు వినిపించేది. దానితోపాటే, పొద్దుగూకాక అటు వెళ్ళవద్దని పిల్లలకు హెచ్చరికా ఉండేది. నిధి మాట పెద్దలకు ఆశ కలిగిస్తే పిల్లలకు భయం కలిగించేది. ఈ తేడాను గమనించకుండా మన నిధి కథలను కేవలం సాహసగాథలుగా చదవడం సరికాదు.

‘పాతాళభైరవి’ పూర్వరంగం

మధిర సుబ్బన్న దీక్షితుల ‘కాశీమజిలీ కథలు’ ఆధారంగా కె.వి. రెడ్డి తీసిన ‘పాతాళభైరవి’ (1951)లో ఈ విశ్వాసం స్పష్టమైన కథారూపం పొందింది. నేపాళ మాంత్రికుడికి మంత్రశక్తి ఉన్నా అది చాలదు. పాతాళభైరవి అనుగ్రహానికి సాహసవంతుడైన యువకుణ్ణి బలి ఇవ్వాలి. మాంత్రికుడు తోటరాముణ్ణి వెదికి తీసుకుపోయేది అందుకే. రాముడు ఆ మోసాన్ని గ్రహించి మాంత్రికుణ్ణే బలి ఇచ్చి భైరవి ప్రతిమను పొందుతాడు. సాధనంగా వచ్చినవాడు స్వతంత్ర కర్తగా మారడమే ఆ కథకు కీలకం.

సోనాపూర్ కథ

దమ్యాన్ కథ ఈ సంప్రదాయానికి దగ్గరిది. శాపవశాన సోనాపూర్‌లో బందీ అయిన దమ్యాన్ తన విముక్తి కోసం ఆ నగరం కింద అపారమైన నిధి ఉందనే వదంతిని పుట్టిస్తాడు. శాపాన్ని తొలగించగల యోగ్యుడు అక్కడికి రావాలన్నది అతని పన్నాగం. ఆ వార్త విన్న ఢోలక్‌పూర్ రాజు ఇంద్రవర్మ ఆశపడతాడు. భీముడూ అతని మిత్రులూ సోనాపూర్‌కు చేరి, తెలియకుండానే దమ్యాన్‌ను విడిపిస్తారు. ఇక్కడ నిధి ఒక ఎర మాత్రమే. అసలు వేట యోగ్యుడైన వ్యక్తి కోసం. నేపాళ మాంత్రికుడికి తోటరాముడు ఎంత అవసరమో దమ్యాన్‌కు భీముడు అంత అవసరం. అయితే రాముడు యువకుడు, భీముడు తొమ్మిదేళ్ళ బాలుడు. అందువల్ల అంజనం ముందు కూర్చున్న పిల్లవాడికి భీముడే ఎక్కువ దగ్గర.

చిత్రం బలం ఈ గ్రహింపులోనే ఉంది. నిధి అన్న మాట మోసానికి పనిముట్టు కాగలదని అది పిల్లలకు సూటిగా చెబుతుంది. దాని బలహీనతా ఇక్కడే మొదలవుతుంది. భీముణ్ణి సాధనంగా వాడుకున్నది దమ్యాన్ ఒక్కడే కాదు, బంగారానికి ఆశపడి పిల్లలను అపాయంలోకి పంపిన రాజు కూడా. దమ్యాన్ దురాశకు శిక్ష ఉంది, రాజు ఆశకు విచారణ లేదు. భీముడు వేయేళ్ళ వెనక్కి వెళ్ళి దమ్యాన్‌ను ఎదుర్కోవడంతో వర్తమానం చక్కబడుతుంది. కాలప్రయాణం వల్ల కీడుతోపాటు దానికి దారితీసిన తప్పు కూడా చెరిగిపోతుంది. పెద్దల తప్పును సరిదిద్దే భారం బాలుడిమీద పడగా, ఆ తప్పు ఎవరిదన్న మాటే మిగలదు. ‘పాతాళభైరవి’లో రాముడికి మాంత్రికుడి ఉద్దేశం తెలిసి తీరవలసి వచ్చింది. భీముడికి రాజును ప్రశ్నించవలసిన అవసరమే కలగలేదు.

భీముడి పేరు – స్థలస్మృతి

ఖమ్మం జిల్లా నేలకొండపల్లిలో విరాటరాజు పేరుతో దిబ్బ, కీచకుడి పేరుతో గుండం ఉన్నాయి. కీచకవధ అక్కడే జరిగిందని స్థానికుల నమ్మకం. అదే ఊళ్ళో ఇటుకల బౌద్ధస్తూపం బయటపడింది. దిబ్బల కింద దొరికేది బంగారం కాకపోవచ్చు, చరిత్ర కావచ్చు. విరాటపర్వంలో భీముడు కీచకుణ్ణి చంపింది నిధికోసం కాదు, ద్రౌపదికి జరిగిన అన్యాయానికి ప్రతిగా. అది రాజు బావమరిదినే ఎదిరించిన బలం. ఢోలక్‌పూర్ భీముడు ఇతిహాస భీముడి పేరునూ తిండిపుష్టినీ కండబలాన్నీ స్వీకరించాడు. రాజాస్థానాన్ని ఎదిరించే గుణం మాత్రం ఈ కథలో అతనికి దక్కలేదు.

ముగింపు

1878 నాటి భారత నిధి నిక్షేపాల చట్టం ప్రకారం పది రూపాయలకు మించిన విలువగల నిక్షేపం దొరికితే కలెక్టరుకు తెలియజేయాలి. దొరికిన సొమ్ము ఎవరిదో చట్టం తేలుస్తుంది. దానికోసం ఎవరిని గుంటలోకి దించారో అడగవలసింది కథ. దమ్యాన్ కథ ఆ ప్రశ్న దాకా వచ్చి, రాజు ఎదుట ఆగిపోయింది. దీన్ని కేవలం వినోదంగా తోసిపుచ్చడం ఎంత పొరపాటో, జానపద సంప్రదాయపు కొనసాగింపుగా మెచ్చుకొని ఊరుకోవడమూ అంతే పొరపాటు. బొమ్మల ధారావాహికలను కాశీమజిలీల పక్కన పెట్టి చదివినప్పుడే, సంప్రదాయంలోని ఏ భాగం పిల్లలకు అందుతోందో, ఏది జారిపోతోందో చెప్పగలం.