తీగల ఘనములు: పాత గృహ కంప్యూటర్ల త్రిమితి చిత్రములపై ఒక విమర్శ

సుమారు 40 ఏండ్ల క్రిందట ఇంగ్లండు, అమెరికా దేశములలో సామాన్యుల ఇండ్లలోనికి చిన్న కంప్యూటర్లు ప్రవేశించినవి. వాటిని ఇంటిలోని టెలివిజనుకు తగిలించి, నల్లని తెరపై తెల్లని గీతలతో పెట్టెలను, గోపురములను, ఆకాశనౌకలను గీసి, వాటిని గిరగిర త్రిప్పి చూచుట ఆనాటి పిల్లలకు గొప్ప వినోదము. ఆ పిల్లలు నేడు ఏబది ఏండ్లు దాటిన పెద్దలు. వారిలో పలువురు పాత యంత్రములను వెదకి తెచ్చి, మరమ్మతు చేసి, పాత ప్రోగ్రాములను మరల నడిపి మురియుచున్నారు. “ఆ దినములే వేరు, ఆ యంత్రములే నిజమైన గురువులు” అనునది వారి మాటల సారాంశము. ఈ మమకారములో నిజమెంత? అట్టి యంత్రమును ఇంటిలో ఎన్నడును ఎరుగని కరీంనగరు, ఆదిలాబాదు ప్రాంతముల విద్యార్థులకు దీనితో పని ఏమి? ఈ రెండు ప్రశ్నలు విమర్శకు తగినవి.

సమస్య యొక్క స్వరూపము

ముందుగా వారు చేసిన పని ఎట్టిదో తెలిసికొనవలెను. లోకము పొడవు, వెడల్పు, లోతు కలది. తెరకు లోతు లేదు. లోతు గల వస్తువును లోతులేని తెరపైకి దింపుట ఎట్లు?

కాజీపేట–బల్లార్షా మార్గములో రామగుండము స్టేషను ప్లాట్‌ఫారము చివర నిలిచి చూచినవారికి రైలు పట్టాలు దూరమున ఒకదానితో నొకటి కలిసినట్లు కనబడును. నిజమునకు పట్టాల నడుమ దూరము ఎల్లెడల 1.676 మీటర్లే. దీనికి కారణము పదవ తరగతిలో చదువు సరూప త్రిభుజములలో నున్నది. వస్తువు వెడల్పును, కంటికి తెరకు గల దూరముతో హెచ్చించి, వస్తువు దూరముతో భాగించిన, తెరపై దాని వెడల్పు వచ్చును. కంటికి తెరకు నడుమ 200 చుక్కల దూర మున్నదనుకొందము. అప్పుడు 10 మీటర్ల దూరమున పట్టాల నడుమ ఎడము తెరపై సుమారు 34 చుక్కలు. 20 మీటర్ల దూరమున 17. 100 మీటర్ల దూరమున 3. 400 మీటర్లకు పోయినచో ఒక చుక్క మాత్రమే. పట్టాలు కలిసిపోయినవి! త్రిమితి చిత్రణకు మూలసూత్ర మింతే.

వస్తువును త్రిప్పుటకు సైను, కొసైనులు కావలెను. ఒక పెట్టెకు 8 మూలలు. నిలువు అక్షము చుట్టు త్రిప్పుటకు మూలకు 4 హెచ్చవేతలు, వెరసి 32. తెరపైకి దింపుటకు మూలకు 2 భాగహారములు, వెరసి 16. ఇన్ని లెక్కలు చేసినగాని ఒక్క బొమ్మ రాదు. కదలిక కనబడవలెనన్న సెకనుకు పలుమార్లు ఇదంతయు చేయవలెను.

ఆనాటి యంత్రముల శక్తి యెంత? 1981లో వచ్చిన బీబీసీ మైక్రోలో 32 కిలోబైట్ల స్మృతి మాత్రమే. 1982లో వచ్చిన సింక్లెయిర్ స్పెక్ట్రము తెరపై అడ్డముగా 256, నిలువుగా 192 చుక్కలు. ఈ రెంటి ప్రాసెసర్లకును హెచ్చవేతకు ప్రత్యేకమైన ఆజ్ఞయే లేదు! కూడికలతోను, అంకెలను ప్రక్కకు జరుపుటతోను హెచ్చవేతను ప్రోగ్రాము వ్రాయువాడే సాధించుకొనవలెను. సైను విలువలను ముందుగనే పట్టికగా వ్రాసి ఉంచుకొనువారు. చిన్నపిల్లలు ఎక్కములు వల్లించుటకు, దీనికి పెద్ద భేదము లేదు.

తీగపని, చెక్కపని

ఈ చిత్రములు రెండు విధములు. ఈ భేదమును గ్రహించుటకు విదేశములకు పోనక్కరలేదు. కరీంనగరు పనివారు వెండిని సన్నని తీగగా లాగి, మెలిపెట్టి, చట్రములో అమర్చి అత్తరుదానులను, నెమళ్లను చేయుదురు. అందు ముందరి తీగల సందులనుండి వెనుకటి తీగలు కనబడును. నిర్మల పనివారు పొణికి కర్రను చెక్కి, రంపపుపొట్టును చింతగింజల జిగురుతో కలిపి అతికి, పైన రంగులు వేయుదురు. అందు వెనుకభాగము కనబడదు. ముందుభాగమునకు మాత్రము మెరుపును, నీడయు కలవు. పాత గృహ కంప్యూటర్లలో మొదట వచ్చినది తీగపని. చెక్కపని పిమ్మట వచ్చినది.

తీగపనిలో ఒక చిక్కున్నది. తీగలతో మాత్రమే గీసిన ఘనమును చూచిన, ఏ ముఖము ముందున్నదో, ఏది వెనుకనున్నదో కన్ను నిర్ణయింపలేదు. 1832లోనే స్విట్జర్లండు దేశీయుడు నెకర్ ఈ భ్రమను వర్ణించెను. ఈ చిక్కును చక్కగా విప్పిన గ్రంథము, గ్రంథమనియే అనవచ్చును, ‘ఎలీట్’ అను ఆట. కేంబ్రిడ్జి విద్యార్థులు డేవిడ్ బ్రేబన్, ఇయాన్ బెల్ అనువారు దీనిని బీబీసీ మైక్రోకై వ్రాయగా 1984 సెప్టెంబరులో వెలువడినది. నౌక ప్రతి ముఖమునకు ఒక లంబదిశను వారు నిర్ణయించిరి. ఆ లంబము చూపరివైపు మొగ్గియున్న ఆ ముఖము కనబడును. ఆవలికి మొగ్గియున్న కనబడదు. కనబడు ముఖముల అంచులను మాత్రమే గీసిన, తీగల బొమ్మకు దళసరితనము వచ్చును. ఈ పరీక్ష గుంటలు లేని ఆకారములకే చాలును. ఆటలోని నౌకలు చాలవరకు చెక్కిన రత్నములవలె నుండుటకు కారణమిదియే. అందముగా తోచునది నిజమునకు గణితపు పొదుపు. గీసిన గీతను అదే చోట రెండవమారు గీసిన చెరిగిపోవు ఉపాయమును గూడ వారు వాడిరి. వేరుగా చెరుపు పని తప్పినది. 8 నక్షత్రమండలములు, ఒక్కొక్కదానిలో 256 లోకములు ఆ చిన్న స్మృతిలో ఇమిడినవన్న, వాటి వివరములను దాచక, కొన్ని అంకెలనుండి అప్పటికప్పుడు లెక్కించి పుట్టించుటయే కారణము.

అదే ఏట స్పెక్ట్రముపై వచ్చిన ‘నైట్ లోర్’ వేరొక త్రోవ త్రొక్కినది. అందు దూరము పెరిగినను వస్తువు చిన్నది కాదు. కావున భాగహారమే లేదు. పాలిటెక్నిక్ విద్యార్థులు గీయు ఐసోమెట్రిక్ చిత్రము వంటిదే అది. భాగహారము పోగా మిగిలిన సమయమును నిండైన బొమ్మలకు వినియోగించిరి.

చెక్కపనికి నిదర్శనము 1986లో ఎరిక్ గ్రాహం అమీగా కంప్యూటరుపై చేసిన ‘జగ్లర్’. గోళములతో కూర్చిన ఒక బొమ్మమనిషి మూడు అద్దపు బంతుల నెగురవేయును. ఆ బంతులలో పరిసరములు ప్రతిబింబించును. కంటినుండి తెర మీది ఒక్కొక్క చుక్క గుండ ఒక్కొక్క కిరణమును వెంబడించి, అది దేనికి తగులునో లెక్కించు పద్ధతి యిది. టర్నర్ విటెడ్ 1980లో ప్రతిబింబములతో సహా దీనిని వివరించి యుండెను. అడ్డము 320, నిలువు 200 చుక్కలన్న 64,000 కిరణములు. ఒక్కొక్క బొమ్మకు సుమారు ఒక గంట. 24 బొమ్మలకు ఒక పగలు, ఒక రాత్రి. ఇంత శ్రమకు ఫలము, తెరపై మరల మరల తిరుగు ఒక చిన్న కదలిక.

మమకారమునకు పరీక్ష

ఇక వారి వాదములను విచారింతము. “యంత్రపు బీదతనమే మాకు గణితము నేర్పినది” అని మొదటి వాదము. ఇందు కొంత సత్యము లేకపోలేదు. ‘ఎలీట్’ నౌకల ఆకృతియే దానికి సాక్ష్యము. అయినను బీదతనము తనంతట తాను ఎవ్వరికిని చదువు చెప్పదు. స్పెక్ట్రమును తెరచిన వెంటనే ఎదుట నిలుచునది బేసిక్ భాష. పెట్టెలో యంత్రముతో పాటు చక్కని పాఠ్యగ్రంథమును ఉండెడిది. బీబీసీవారు 1982లో టెలివిజను పాఠములు ప్రసారము చేసిరి. అనగా నేర్పినది కొరత కాదు, తెరచియుంచిన తలుపు. ఆ తలుపును మరచి కొరతను మాత్రమే పొగడుట, నూనె దీపము క్రింద చదివినవాడు తన విద్యకు ఆ దీపమే కారణమనుట వంటిది.

“ఆనాడు అందరును స్వయముగా వ్రాసినవారే” అని రెండవ వాదము. ఇది నిలువదు. కాసెట్టు కొనితెచ్చి ఆట ఆడుకొన్నవారే ఎక్కువ. పత్రికలో అచ్చైన ప్రోగ్రామును చూచి, అర్థము తెలియకయే, అక్షరము వెంట అక్షరము కొట్టినవారును కలరు. జ్ఞాపకములు వ్రాయునది నేర్చుకొన్న కొద్దిమంది. అందుచేత అందరును నేర్చినట్లు తోచుచున్నది.

“నేటివారు అన్నియు సిద్ధముగా నున్నవి వాడుచున్నారు, వారికేమియు తెలియదు” అని మూడవ వాదము. ఇది అన్యాయము. నేటి ఉచిత ప్రోగ్రాము ‘బ్లెండర్’తో బొమ్మలు చేయువాడు వెలుగు, నీడ, కదలికలను గూర్చి ఆనాటివారు ఊహింపజాలని సూక్ష్మములు నేర్చుచున్నాడు. వానికి తెలియనిది ఆ వెనుకనున్న భాగహారము మాత్రమే. అది చెప్పినవారు లేక తెలియలేదు గాని, తెలియరానిదై కాదు.

ఈ ప్రాంతమునకు వచ్చిన కంప్యూటరు

ఈ జ్ఞాపకములలో ఉత్తర తెలంగాణమునకు చోటు తక్కువ. డెసిబెల్స్ ఎలక్ట్రానిక్స్ సంస్థ 1986లో స్పెక్ట్రమును లైసెన్సుతో మన దేశములో విక్రయింప మొదలిడినను, అది కొన్ని నగర గృహములకే అందినది. 1984లో కేంద్ర ప్రభుత్వము ‘క్లాస్’ అను పథకము క్రింద తొలుత 250 పాఠశాలలకు కంప్యూటర్లనిచ్చెను. అవి బీబీసీ మైక్రోలే. ‘ఎలీట్’ పుట్టిన యంత్రమే మన విద్యార్థుల ఎదుటికి వచ్చినదన్నమాట. కాని దేశ విస్తీర్ణములో 250 పాఠశాలలు సముద్రములో కాకిరెట్ట.

నాటి కరీంనగరు జిల్లాలోని వంగర గ్రామమునకు చెందిన పి.వి. నరసింహారావు గారు 1985 నుండి కేంద్రములో మానవ వనరుల మంత్రిగా నుండిరి. ఆ కాలముననే, అరువది ఏండ్లు దాటిన వయసులో, ఇంట కంప్యూటరు పెట్టుకొని కోబాల్, బేసిక్ భాషలను పట్టుదలతో అభ్యసించిరి. ఈ జిల్లాలనుండి గృహ కంప్యూటరు కథలో చెప్పదగిన పేరు ఇది. ఇందును గమనింపవలసినది యంత్రము కాదు, అభ్యాసము. పిమ్మట 2008లో బాసరలో వెలసిన సాంకేతిక విశ్వవిద్యాలయము గ్రామీణ విద్యార్థుల చేతికి లాప్‌టాప్‌లనిచ్చి బోధన సాగించినది. పలువురకు అదియే మొదటి కంప్యూటరు. అది స్పెక్ట్రముకంటె ఎన్నోరెట్లు శక్తి గలది. కాని తెరచిన వెంటనే భాషను చూపదు, బొమ్మలను చూపును.

అందువలన నష్టమేమి? “త్రిమితి చిత్రములకు ఖరీదైన గ్రాఫిక్స్ కార్డు కావలెను, అది మనకు లేదు” అని ఉట్నూరులోనో మంథనిలోనో ఒక విద్యార్థి నిశ్చయించుకొని, ఆ వైపు చూచుటయే మానివేయును. వాని పాఠ్యపుస్తకములోనే మూలసూత్రము ఉన్నదని వానికి తెలియదు. పరుల మమకారము ఈ భ్రమను పెంచినచో హానికరము, తొలగించినచో ఉపకారకము.

తొలగించు పని చేయువారును కలరు. మార్క్ మాక్సన్ అనునతడు ‘ఎలీట్’ ప్రోగ్రామునకు పంక్తి పంక్తికి వ్యాఖ్య వ్రాసి అందరికి ఉచితముగా ఇచ్చెను. కాళిదాస కావ్యములకు మల్లినాథుని టీక ఎట్టిదో ఆ ఆటకు ఈ వ్యాఖ్య అట్టిది. హాలండులో టాన్ రోజెండాల్ 1989లో అమీగాపై వ్రాసిన కిరణచిత్రణ ప్రోగ్రాము అనుభవమే క్రమముగా ‘బ్లెండర్’కు దారితీసెను. 2002లో ప్రజలనుండి లక్ష యూరోలు సేకరించి దానిని అందరికి ఉచితము చేసిరి. లాట్వియాలో ‘బ్లెండర్’తో చేసిన ‘ఫ్లో’ చలనచిత్రము 2025లో ఆస్కార్ బహుమతి పొందినది. పాత యంత్రమును అద్దపు బీరువాలో నుంచుట కంటె ఈ విధమైన స్మరణ మేలు.

ఉన్నత పాఠశాలలో దీనిని ఒక పీరియడులో చేయవచ్చును. భుజము 2 ప్రమాణములు గల ఘనము, దాని కేంద్రము కంటికి 5 ప్రమాణముల దూరమున నున్నదనుకొని, హెచ్చించు సంఖ్య 12 అని తీసికొనుడు. ముందుముఖము దూరము 4. 12ను 4తో భాగించిన మూల మధ్యనుండి 3 సెంటీమీటర్లు. వెనుకముఖము దూరము 6. మూల 2 సెంటీమీటర్లు. గ్రాఫు కాగితముపై 6 సెంటీమీటర్ల చదరము, దాని లోపల 4 సెంటీమీటర్ల చదరము గీసి మూలలు కలిపిన ఘనము లేచి నిలుచును. పిదప దానిని 30 డిగ్రీలు త్రిప్పుడు. కొసైను 0.866, సైను 0.5. వెనుక కుడి మూల అడ్డము 1 నుండి 0.366కు, దూరము 6 నుండి 6.366కు మారును, కాగితముపై ఆ మూల నడిమి గీతకు 0.7 సెంటీమీటర్ల దూరమునకు, 1.9 సెంటీమీటర్ల ఎత్తునకు వచ్చును. మిగిలిన మూలలను తరగతిలోని విద్యార్థులు తలా ఒకటి పంచుకొని లెక్కింపవచ్చును. బీబీసీ మైక్రో చేసిన పని ఇదియే; అది కొంత వేగముగా చేసినది.