ఓరుగంటి బంటుకు

ఓరుగంటి బంటూ, మట్టెవాడ నడివీధిలో నిలబడి నిన్ను పిలుస్తున్నాను.

ఓరుగల్లు మట్టికోటకూ హనుమకొండకూ నడుమ ఉన్న పాతవాడ ఇది. కాకతీయుల నాటి భోగేశ్వరుడు ఇంకా ఇక్కడే పూజలందుకుంటున్నాడు. ఈ వాడలో ఏ పిల్లవాణ్ణి ఆపి అడిగినా సమురాయ్ ఎలా ఉంటాడో చెప్పేస్తాడు. వంపు తిరిగిన కత్తి, కొమ్ములున్న శిరస్త్రాణం, మాట తప్పని మొండితనం, అన్నీ సినిమాల్లో చూశాడు. నువ్వెలా ఉండేవాడివని అడిగితే మాత్రం తడుముకుంటాడు. వాడి తప్పేం లేదు. వాడికి నీ కథ చెప్పినవాళ్లు లేరు. ఈ స్తోత్రం సగం నీకు, సగం వాడికి.

నీదీ సమురాయ్‌దీ ఒకే కాలం, బంటూ. వేయిస్తంభాల గుడిలో రుద్రదేవుడు తన స్వాతంత్ర్యాన్ని రాతి మీద చెక్కించింది 1163లో. మినమోతో యొరితోమో షోగున్ పదవి పొంది కామకురాలో సమురాయ్‌ల ఏలుబడిని నిలబెట్టింది 1192లో. ఓరుగల్లు 1323లో పడిపోయింది. కామకురా 1333లో కాలిపోయింది. కుబ్లాయ్ ఖాన్ ఓడలు 1274లో ఒకసారి, 1281లో మరోసారి జపాన్ తీరాన్ని తాకినప్పుడు, అక్కడ సమురాయ్‌లు ఒడ్డున నిలిచి పోరాడుతున్నప్పుడు, ఇక్కడ నీ సింహాసనం మీద ఉన్నది రుద్రమదేవి. ఆ కుబ్లాయ్ కొలువులోనే పనిచేసిన మార్కోపోలో ఇంటికి తిరిగి వెళ్తూ మోటుపల్లి రాజ్యం గురించి రాశాడు, దాన్ని ఏలిన రాణి న్యాయాన్ని పొగిడాడు. ఒకే చక్రవర్తి పేరు మీ రెండు కథల్లోనూ తిరిగింది. మీరిద్దరూ ఒకరి సంగతి ఒకరు వినకుండానే వెళ్లిపోయారు.

బతుకు తీరు కూడా ఒక్కలాంటిదే. షోగున్ తన మనిషికి భూమి మీద అధికారం ఇచ్చేవాడు, ఆ మనిషి యుద్ధం వచ్చిన రోజున గుర్రమూ విల్లూ తీసుకుని వచ్చేవాడు. నీకు రాజు ఊళ్లిచ్చాడు, నాయంకరంగా. ఆ ఊళ్ల రాబడితో నువ్వు కాల్బలాన్ని పోషించావు, గుర్రాలను మేపావు, పిలుపు అందగానే కోటకు చేరావు. ప్రతాపరుద్రుడు డెబ్బయ్యేడు బురుజులను డెబ్బయ్యేడు మంది నాయకులకు అప్పగించాడని ప్రతాపరుద్ర చరిత్ర చెబుతుంది. ఆ లెక్క కథకుడిదే కావచ్చు గానీ, నాయంకరం మాత్రం శాసనాలకెక్కిన నిజం.

నీలో నాకు అన్నిటికన్నా నచ్చింది నీ పుట్టుక, బంటూ. అంటే, నీ పుట్టుకను ఎవరూ పెద్దగా పట్టించుకోకపోవడం. నీ నాటి శాసనాల్లో ఎందరో నాయకులు తండ్రి పేరు, తాము చేసిన పని చెప్పి ఊరుకున్నారు. నీ ప్రభువులైన కాకతీయులే కొన్ని శాసనాల్లో తమది నాలుగో వర్ణమని దాచకుండా చెప్పుకున్నారు. సేద్యం చేసిన చేయి కత్తి పట్టింది, కత్తి పట్టిన చేయి ఊరేలింది. జపాన్‌లోనూ మొదట ఆ తలుపు కొంత తెరిచే ఉండేది. రైతుబిడ్డగా పుట్టిన తొయొతోమి హిదెయొషి దేశమంతటికీ ఏలికయ్యాడు. అయ్యాక 1588లో రైతుల ఇళ్లలో కత్తులన్నీ ఏరించాడు, 1591లో సమురాయ్ వేరు, రైతు వేరని గీత గీశాడు. ఏ తలుపులోంచి తాను లోపలికి వచ్చాడో ఆ తలుపునే మూసేశాడు. నువ్వు ఆ తలుపు తెరిచి ఉన్న నాటివాడివి. అందుకే నీకు మొదటి దండం.

రెండో దండం నీ చెరువులకు.

సమురాయ్ కత్తి దించిన వేళ కవిత రాసేవాడు, తేనీటి గదిలో మౌనంగా కూర్చునేవాడు. అది గొప్ప సంస్కారమే. నువ్వు కత్తి దించి కట్ట పోశావు. రేచర్ల రుద్రుణ్ణి తలుచుకుంటాను. యాదవులతో పోరులో కాకతీయ రాజు మహాదేవుడు నేలకూలి, ఆయన కొడుకు, చిన్నవాడైన గణపతిదేవుడు శత్రువు చేతిలో బందీ అయినప్పుడు, రాజులేని రాజ్యాన్ని కాపాడింది ఆయనే. సింహాసనం ఖాళీగా ఉంది, సైన్యం ఆయన చేతిలో ఉంది. ఆయన దాని మీద కూర్చోలేదు. రాజు తిరిగొచ్చాక రాజ్యాన్ని రాజుకే అప్పగించాడు. ఆ చేతులే 1213లో పాలంపేటలో రుద్రేశ్వరాలయం కట్టించాయి. రామప్ప గుడి అని మనం పిలుచుకునేది దాన్నే, యునెస్కో 2021లో ప్రపంచ వారసత్వంగా గుర్తించింది దాన్నే. పక్కనే చెరువు, ఎనిమిది వందల ఏళ్లు దాటినా పొలాలకు నీళ్లిస్తోంది. పాకాల కట్ట మీద నిలబడితే ఆ చెరువు కట్టించిన జగదాళ ముమ్మడిని తలుచుకోవాలి. మత్తడి దూకే నీళ్ల చప్పుడులో నీ పేరు వినిపిస్తుంది నాకు. యుద్ధంలో గెలిచిన ఊళ్లు చేతులు మారాయి. చెరువులు మారలేదు.

నీ దండులో ఏనుగుల సేనాని ఒకడుండేవాడు, జాయపుడు. గణపతిదేవుడికి బావమరిది. పగలు గజబలాన్ని నడిపిన ఆ మనిషే 1253-54లో నృత్తరత్నావళి రాశాడు, అడుగు ఎలా వేయాలో, చేయి ఎలా తిప్పాలో శాస్త్రంగా చెప్పాడు. రణానికి కదిలే ముందు శివుడి ఎదుట వీరులు ఆడేదని చెప్పుకునే పేరిణిని ఆ గ్రంథంలోంచీ, రామప్ప శిల్పాల్లోంచీ నటరాజ రామకృష్ణ మళ్లీ లేపి నిలబెట్టారు. ఇవాళ ఓరుగల్లు కుర్రాళ్లు మద్దెల మోతకు పాదం కదిలిస్తుంటే నేల నిన్ను గుర్తుపడుతుంది.

ఇక నీ చావు గురించి. ఇక్కడ నా గొంతు తగ్గుతుంది.

నల్లగొండ జిల్లా చందుపట్ల అనే చిన్న ఊళ్లో ఒక రాయి ఉంది. 1289 నవంబరు నాటి శాసనం. రుద్రమదేవి, ఆమె సేనాని మల్లికార్జున నాయకుడు శివసాయుజ్యం పొందారని, వాళ్ల పుణ్యం కోసం భూమి ఇస్తున్నానని పువ్వుల ముమ్మడి అనే బంటు రాయించాడు. రాణి చావు సంగతి పెద్ద పెద్ద కవులెవరూ మనకు చెప్పలేదు. ఒక బంటు చెప్పాడు. వాళ్లు ఎలా పోయారో, ఎవరు ముందు ఒరిగారో ఆయన రాయలేదు. తనకున్న నేలలోంచి కొంత దేవుడికిచ్చి, పోయినవాళ్ల పేర్లు రాతికి అప్పగించాడు. కామకురా చరిత్రలో ఎన్ని విశ్వాసగాథలున్నాయో అన్నిటి సరసన ఈ నాలుగు పంక్తులను నేను గర్వంగా పెడతాను.

ప్రభువుతోనే పోతామని ప్రమాణం చేసిన లెంకలూ నీలో ఉండేవారు. శ్రీశైలంలో వీరశిరోమండపం ఉంది, పద్నాలుగో శతాబ్దంలో అనవేమారెడ్డి కట్టించినది. అక్కడ వీరులు తమ తలలను తామే నరుక్కుని మల్లన్నకు అర్పించారు. సమురాయ్ తన కడుపు తానే చీల్చుకున్నట్టే. ఆ తెగువకు తల వంచుతాను గానీ, బంటూ, నువ్వు బతికి మరో చెరువు తవ్వి ఉంటే బాగుండుననే కోరుకుంటాను. నిన్ను పొగడడానికి నీ నెత్తురు నాకు అవసరం లేదు.

నీ మట్టికోట మాట కూడా చెప్పాలి. 1310లో ఢిల్లీ సుల్తాను సేనాని మాలిక్ కాఫూర్ దండు ముట్టడించినప్పుడు ఆ గోడకు బల్లెం దిగలేదని, రాతి గుండ్లు తగిలి వెనక్కి ఎగిరిపడ్డాయని శత్రుపక్షపు కవి అమీర్ ఖుస్రో రాశాడు. శత్రువు నోట వచ్చిన ఆ మెప్పు ముందు మా స్తోత్రాలేపాటివి! 1321లో ఢిల్లీ నుంచి ఉలుఘ్ ఖాన్ వచ్చి వెనుదిరిగాడు, 1323లో మళ్లీ వచ్చాడు. ఆకలి లోపలికి వచ్చాక గోడ ఏం చేస్తుంది? ప్రతాపరుద్రుణ్ణి ఢిల్లీకి తీసుకుపోతుంటే నర్మద ఒడ్డున ప్రాణం విడిచాడు. ఓరుగల్లుకు సుల్తాన్‌పూర్ అని పేరు పెట్టారు.

ప్రభువు పోయిన సమురాయ్‌ను రోనిన్ అంటారు, దిక్కులేక ఊళ్లు పట్టి తిరుగుతాడు. నీ ప్రభువు పోయినప్పుడు నువ్వు తిరగలేదు, కూడావు. ముసునూరి ప్రోలయ, ఆయన వెనుక కాపయ, వాళ్ల వెంట డెబ్బయ్యైదుగురు నాయకులు నిలిచారని 1423 నాటి అనితల్లి కలువచేరు శాసనం చెబుతోంది. 1336 ప్రాంతంలో కాపయ నాయకుడు ఓరుగల్లును తిరిగి పట్టాడు. ఆ నిలబడడం నీ చరిత్రలో అన్నిటికన్నా ఎత్తైన బురుజు. ఆ తర్వాత నీ నాయంకరం విజయనగరానికి నడిచింది, అక్కణ్ణుంచి నాయక రాజుల వెంట మధుర దాకా, తంజావూరు దాకా పోయింది.

సమురాయ్ కథ ఆజ్ఞతో ముగిసింది. 1876లో మెయిజీ ప్రభుత్వం కత్తి కట్టుకుని తిరగరాదంది, మరుసటి ఏడు సత్సుమాలో చివరి తిరుగుబాటు అణిగిపోయింది. ఆ దేశం ఆయన కవచాలను తుడిచి అద్దాల పెట్టెల్లో పెట్టుకుంది, బడిలో ఆయన కథ చెప్పింది, సినిమాలు తీసి లోకానికి చూపింది. నీకు ఏ ఆజ్ఞా రాలేదు. మెల్లగా రైతువై, కాపలావాడివై, ఊరివాడివై కలిసిపోయావు. కారెంపూడిలో మాత్రం ఇప్పటికీ ప్రతి కార్తీకంలో పల్నాటి వీరుల ఆయుధాలకు పూజ జరుగుతుంది. ఆ వీరుల పాటను ఒకనాడు ఓరుగల్లు వీధుల్లో పాడేవారని క్రీడాభిరామం చెబుతుంది. ఈ మట్టెవాడ గాలికి ఆ పాట కొత్త కాదు.

చదివే అన్నా, చెల్లీ, మీ ఊరి చెరువుకట్ట మీదో, హనుమంతుడి గుడి వెనకాలో, కత్తీ డాలూ పట్టిన మనిషి బొమ్మ చెక్కిన రాయి ఒకటి ఉండే ఉంటుంది. దాన్ని వీరగల్లు అంటారు. ముగ్గుపిండికి పగలగొట్టనివ్వకండి, రోడ్డు వేసేటప్పుడు పూడ్చనివ్వకండి, రంగు పూసి అక్షరాలు చెరపనివ్వకండి. రాత ఉంటే ఫొటో తీసి పురావస్తు శాఖకు పంపండి. మీ పిల్లలను ఒక ఆదివారం అక్కడికి తీసుకెళ్లి, ఆ బంటు ఎవరో చెప్పండి.