పరాయి మాటల మధ్య ఒక చదువు ఏడాది

ఠాణే జిల్లా భీవండిలో పద్మానగర్ తెలుగువాళ్ల పేట. కరీంనగర్, నల్లగొండ, వరంగల్, మెదక్ వైపు నుంచి మగ్గం పని వెతుక్కుంటూ వెళ్లిన పద్మశాలీలు తరాలుగా స్థిరపడిన చోటు. 1857 తిరుగుబాటు తర్వాత ఉత్తరప్రదేశ్ నుంచి తరలివచ్చిన మోమిన్ నేతగాళ్ల పేటలు ఆ పక్కనే ఉంటాయి. అక్కడ ఉర్దూ బడులు ఉన్నాయి, ముషాయిరాలు జరుగుతాయి. కొంకణీ ముస్లింలు, ఆగ్రీలు, మరాఠాలు, గుజరాతీ నూలు వ్యాపారులు, ఆజంగఢ్ నుంచి, మవూ నుంచి ఏటా వచ్చే కార్మికులు కూడా ఈ ఊళ్లోనే. 2011 జనాభా లెక్కల్లో ఊరి జనం 7,09,665. సాంచాలు, అంటే మరమగ్గాలు, లక్షల్లో ఉన్నాయి. 1982 జనవరిలో బొంబాయి మిల్లుల సమ్మె మొదలయ్యాక మిల్లుల బట్ట చాలావరకు ఇలాంటి ఊళ్లకే తరలిపోయింది. నేసే చేతులూ దాని వెంటే వచ్చాయి.

భీవండిలో పుట్టిన పిల్లకు నాలుగు భాషలు వాటంతట అవే వస్తాయని అంటుంటారు. అది సగమే నిజం. కూరగాయల బండి దగ్గర మరాఠీలో బేరమాడే మనిషి నల్లా నీళ్లు రావడం లేదని మునిసిపాలిటీకి మరాఠీలో అర్జీ రాయాలంటే ఇంకొకరిని వెతుక్కుంటాడు. సేటుతో ముప్పై ఏళ్లు హిందుస్తానీలో మాట్లాడినవాడికి సేటు బల్ల మీది ఉర్దూ పత్రిక ‘ఇంక్విలాబ్’ శీర్షిక చదవడం రాదు. నిజాం కాలంలో ఉర్దూలో చదువుకున్న పెద్దలు ఒకరిద్దరు చదివేవాళ్లు, వాళ్ల తరం దాటిపోయింది. ఆధునిక భాషలను శాస్త్రంగా నేర్పే విశ్వవిద్యాలయాలు ఈ మిగిలిన సగం కోసమే ఒక పద్ధతిని నూరేళ్లకు పైగా తీర్చిదిద్దుకుంటూ వచ్చాయి. డిగ్రీలో ఒక ఏడాదిని, సాధారణంగా మూడోదాన్ని, ఆ భాష మాట్లాడే దేశంలోనే గడపాలన్నది ఆ పద్ధతి. దాన్ని భీవండిలో నిలబడి చూడాలని నాకు అనిపించడానికి కారణం ఉంది. పరాయి మాటల మధ్య బతకడం వేరు, వాటి మధ్య చదువుకోవడం వేరు అన్నది ఈ ఊరు చూపించినంత స్పష్టంగా ఏ పాఠ్యగ్రంథమూ చూపించదు.

ముందు కొంచెం చరిత్ర. 1905లోనే బ్రిటన్, ఫ్రాన్స్ తమ యువకులను ఒకరి బడులకు ఒకరు భాషా సహాయకులుగా పంపుకోవడం మొదలుపెట్టాయి. 1923 జులైలో అమెరికాలోని డెలావేర్ విశ్వవిద్యాలయం నుంచి రేమండ్ కర్క్‌బ్రైడ్ అనే అధ్యాపకుడు ఎనిమిది మంది విద్యార్థులను ఓడెక్కించి ఫ్రాన్స్ తీసుకెళ్లాడు. తిన్నగా పారిస్ తరగతుల్లో కూర్చోబెట్టలేదు. ముందు నాన్సీ పట్నంలో వేసవంతా భాషను గట్టిగా సాధన చేయించి, ఆ తర్వాతే సోర్బాన్‌కు పంపాడు. ఈ వరుస చాలా ముఖ్యం. 1987లో యూరప్‌లో విద్యార్థులను ఒక దేశం నుంచి మరో దేశానికి చదువుకు పంపే ఎరాస్మస్ పథకం వచ్చినప్పుడు మొదటి ఏడాది 11 దేశాల నుంచి 3,244 మంది వెళ్లారు. ఇప్పుడు ఆ సంఖ్య లక్షలకు చేరింది. అమెరికాలో జాన్ కారల్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త భాషలు చదివి డిగ్రీ ముగించబోతున్న రెండున్నర వేల మందికి పైగా విద్యార్థులను పరీక్షించి, 1967లో ఫలితాలు ప్రకటించాడు. ఆ భాష మాట్లాడే దేశంలో గడిపిన కాలానికీ భాషా పటిమకూ గట్టి సంబంధం కనిపించింది. ఒక్క వేసవి గడిపి వచ్చినవాళ్లు కూడా వెళ్లనివాళ్ల కన్నా మెరుగ్గా ఉన్నారు.

మనకు ఇంకా దగ్గరి సాక్ష్యం సి.పి.బ్రౌన్. 1817లో మద్రాసు చేరినప్పుడు ఆయనకు తెలుగు రాదు. సెయింట్ జార్జి కోట కాలేజీ 1812 నుంచి కుంపిణీ ఉద్యోగులకు దేశభాషలు నేర్పుతోంది. అక్కడ వెలగపూడి కోదండరామ పంతులు దగ్గర పాఠం చెప్పించుకుని, 1820లో పరీక్ష గట్టెక్కి కడపకు వెళ్లాడు. బ్రౌన్‌ను బ్రౌన్ చేసింది కడపే అని మనం మురిసిపోతాం, అందులో తప్పులేదు. కానీ మద్రాసు మూడేళ్లు లేకపోతే కడప ఆయనకు వట్టి రొదగా మిగిలేది. కడపలో పండితులను కూర్చోబెట్టుకుని ప్రతులు సరిచూసిన శ్రమ లేకపోతే 1829 నాటి వేమన పద్యాల ప్రచురణా, 1852 నాటి నిఘంటువూ ఉండేవి కావు. ముందు తయారీ, నడుమ నివాసం, వెనక రాతపని. ఈ మూడింట్లో ఏది జారినా చదువు కుంటుపడుతుంది.

తయారీ చెవితో మొదలవుతుంది. మొదటి రెండేళ్లు ఉచ్చారణ శాస్త్రం నేర్పుతారు. నాలుక ఎక్కడ ఆనుతోంది, గాలి ఎక్కడ ఆగుతోంది అని విడమరిచి చెబుతారు. తర్వాత డిక్టేషన్. ఫ్రెంచిలో మాట చివరి అక్షరాలు ఎన్నో రాతలో ఉంటాయి, నోట పలకవు. అందువల్ల విన్నది తప్పులేకుండా రాయాలంటే వ్యాకరణం మొత్తం ఆ క్షణంలో బుర్రలో పనిచేయాలి. డిక్టేషన్‌ను చిన్నపిల్లల పని అనుకునేవాళ్లు ఒక్కసారి ఫ్రెంచిలో రాసి చూడాలి. ఆ తర్వాత రెండు వైపులా అనువాదం, చదివిన వ్యాసాన్ని మూడో వంతుకు కుదించి తిరిగి చెప్పడం. ఇవన్నీ పాత పద్ధతులే, పాతవని వదిలేసిన చోటల్లా విద్యార్థులు నష్టపోయారని నా నమ్మకం.

దీనికి తోడు సొంత భాషనూ నేర్చే భాషనూ పక్కపక్కన పెట్టి చూసే పని ఒకటుంది. పద్మానగర్ పిల్లకు మరాఠీ చెప్పే ఉపాధ్యాయులు ఇది చేస్తే ఎంత శ్రమ తగ్గుతుందో! మనం ‘చలి’ అన్నప్పుడు పళ్ల దగ్గర పలికే చ ఒకటి, ‘చిలుక’ అన్నప్పుడు అంగిలి దగ్గర పలికే చ ఇంకొకటి. మరాఠీలోనూ ఒకే అక్షరానికి ఈ రెండు పలుకులూ ఉన్నాయి. హిందీ మీదుగా మరాఠీకి వచ్చినవాళ్లు ఇక్కడ తడబడతారు, తెలుగు పిల్లకు అది పుట్టుకతో వచ్చిన సొత్తు. ళకారం అంతే. ఎదుటివాణ్ని కలుపుకొని ‘మనం’, వదిలేసి ‘మేము’ అనే తేడా మామూలు హిందీలో లేదు, మరాఠీలో ఉంది. ఇల్లు ‘ఇంట్లో’ అయినప్పుడు మాట రూపు మారినట్టే మరాఠీలోనూ విభక్తి చేరే ముందు నామం రూపు మారుతుంది. చిక్కు వచ్చేదల్లా లింగం దగ్గర. బల్లకూ గోడకూ పుస్తకానికీ మూడు లింగాల్లో ఏదో ఒకటి ఉండాలన్న ఏర్పాటు తెలుగు నోటికి ఎక్కదు. అందుకని ప్రతి నామాన్నీ దాని లింగంతో సహా మొదటిరోజే కంఠస్థం చేయించాలి. ఏది తేలికో ఏది కష్టమో ముందే తెలిసిన పిల్ల కష్టమైన చోటే సమయం ఖర్చు పెడుతుంది.

ఇక నివాసం. బ్రిటన్‌లో భాషలు చదివేవాళ్లు ఈ ఏడాదిని మూడు రకాలుగా గడుపుతారు: అక్కడి విశ్వవిద్యాలయంలో చదువుకుంటూ, బడిలో సహాయకులుగా పనిచేస్తూ, ఏదైనా సంస్థలో ఉద్యోగం చేస్తూ. నన్నడిగితే బడి మేలు. పిల్లలు నిర్మొహమాటంగా సరిదిద్దుతారు, ఉపాధ్యాయుల గదిలో ఊరి రాజకీయమంతా వినబడుతుంది. మనవాళ్లకూ దారులు ఉన్నాయి. హైదరాబాద్‌లో 1958లో ఇంగ్లిష్ శిక్షణ సంస్థగా పుట్టి 2007లో కేంద్రీయ విశ్వవిద్యాలయమైన ఇఫ్లూలో (ఇంగ్లిష్, విదేశీ భాషల విశ్వవిద్యాలయంలో) ఫ్రెంచి, జర్మన్, స్పానిష్, రష్యన్, అరబిక్, జపనీస్ డిగ్రీలు ఉన్నాయి. ఫ్రాన్స్ బడుల్లో ఇంగ్లిష్ సహాయకులుగా భారతీయ విద్యార్థులను తీసుకునే పథకం ఉంది. జపాన్ ప్రభుత్వం జపనీస్ చదివే డిగ్రీ విద్యార్థులకు ఏడాదిపాటు ఉపకార వేతనమిచ్చి తన విశ్వవిద్యాలయాల్లో చోటిస్తుంది.

అయితే వెళ్లినవాళ్లందరికీ భాష రాదు. కారణాలు వెతికిన పరిశోధకులు తిరిగి తిరిగి ఒకచోటికే వచ్చారు. సొంత దేశస్థులతో గది పంచుకుని, వాళ్లతోనే వండుకుని, సాయంత్రం ఇంటికి ఫోన్‌లో సొంత భాష మాట్లాడుకునే విద్యార్థి పరాయి దేశంలో ఉండి కూడా అక్కడ లేనట్టే, సొంత భాష దీవిలో ఉన్నట్టే. పద్మానగర్ కూడా అలాంటి దీవే. వలస వచ్చిన మనిషికి ఆ దీవి ప్రాణాధారం, దాన్ని తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు. బతుకమ్మ, మార్కండేయుడు, పెళ్లి సంబంధాలు, చేబదుళ్లు అన్నీ అందులోనే దొరుకుతాయి. కానీ భాష నేర్వాలన్నవాళ్లు దాన్ని దాటి బయటికి రావాల్సిందే.

పని చోట నేర్చుకోవచ్చు కదా అంటారా? సాంచాలు ఆడుతున్న షెడ్డులో మాట వినబడదు. సైగలతో, పెదవుల కదలికతో పని జరుగుతుంది. పోగు తెగిందని వేలు చూపిస్తే చాలు, కండె అయిపోయిందని చెయ్యి ఊపితే చాలు. పన్నెండు గంటల పాళీ, ఒక్కో మనిషి చేతి కింద నాలుగో ఆరో సాంచాలు. పాళీ దిగాక బిస్సీలో, అంటే కార్మికుల మెస్‌లో, నెల లెక్క భోజనం చేసి పడుకోవడమే. ముప్పై ఏళ్లలో అలా చెవిన పడేవి కూలి, మీటర్లు, మరమ్మతు, సరుకు, జబ్బు చుట్టూ తిరిగే కొన్ని వందల మాటలు. సేటుతో వాదించడానికీ డాక్టరుకు నొప్పి ఎలాంటిదో వివరించడానికీ అవి సరిపోవు. కార్మికుడికి తెలివి తక్కువై కాదు, తీరిక లేక. విశ్వవిద్యాలయం తన విద్యార్థికి ఇచ్చే ఆ ఏడాదిలో అసలు విలువైనది ఓడ టికెట్టో విమానం టికెట్టో కాదు. వినడానికి, తప్పు మాట్లాడటానికి, దిద్దించుకోవడానికి దొరికే తీరిక.

ఆ తీరికను నిలబెట్టే పనిముట్టు నోటుపుస్తకం. మంచి శాఖలు ఆ ఏడాదిలో దినచర్య రాయమంటాయి, ఒక అంశం ఎంచుకుని ఆ భాషలోనే దీర్ఘవ్యాసం తెమ్మంటాయి. సంత గురించో, స్థానిక పత్రిక గురించో, ఒక కార్మిక సంఘం గురించో విద్యార్థి పదిమందిని అడిగి రాయాలి. అడగడం మొదలుపెట్టగానే సంస్కృతి ఎదురవుతుంది. ఎవరిని ఏ సర్వనామంతో పిలవాలి, కూరగాయలమ్మే ఆమె ‘తాయీ’ (అక్క) ఎప్పుడవుతుంది, కార్ఖానా లెక్కలు చూసే మెహతాను ఏ ‘మీరు’తో పలకరించాలి, ఇంటికి పిలిస్తే ఎన్నోసారికి ఒప్పుకోవాలి అన్నవి పుస్తకంలో చదివితే నిలవవు. పిలుపులో ఒకసారి పొరపాటు జరిగి ఎదుటి మనిషి ముఖం మారితే అవి జన్మలో మరవరు.

విదేశమే కానక్కరలేదు. మన దేశంలో దీనికి చక్కని నమూనా ఉంది, ఎందుకో దాన్ని గురించి మాట్లాడేవాళ్లు తక్కువ. 1969లో మైసూరులో ఏర్పడిన భారతీయ భాషల కేంద్రీయ సంస్థ తన ప్రాంతీయ కేంద్రాల్లో బడి ఉపాధ్యాయులకు పది నెలలపాటు మరో భారతీయ భాష నేర్పుతుంది. తెలుగు, కన్నడ, తమిళ, మలయాళాలు మైసూరులో. మరాఠీ, గుజరాతీ, సింధీ పుణేలో. చదువు నడుమ ఆ భాషా ప్రాంతానికి తీసుకెళ్లి జనం మధ్య తిప్పే యాత్ర కూడా ఉంటుంది. కర్క్‌బ్రైడ్ వరుసే ఇది, మన మట్టిలో.

పి.వి.నరసింహారావు కూడా ఇలాంటి చదువు పండిన మనిషే. కరీంనగర్ జిల్లా వంగర నుంచి వెళ్లి పుణేలో, నాగపూర్‌లో చదువుకున్నాడు. అక్కడి మరాఠీని ఇంటికి తెచ్చి హరి నారాయణ్ ఆప్టే నవలను ‘అబల జీవితం’గా తెలుగు చేశాడు, విశ్వనాథ ‘వేయిపడగలు’ను ‘సహస్రఫణ్’గా హిందీలోకి పంపాడు. ఆ జిల్లా నుంచే మహారాష్ట్రకు వెళ్లిన నేతగాళ్ల పిల్లలకు ఆయన లాంటి తీరిక దొరికి ఉంటే మనకు మరాఠీ నుంచి, ఉర్దూ నుంచి ఎన్ని పుస్తకాలు వచ్చేవో అని నాకు బాధగా ఉంటుంది.

ఇది సాహిత్యంతో ఆగే మాట కాదు. 1970లో, మళ్లీ 1984లో భీవండి మతకలహాలతో కాలింది. పక్క పేట పత్రికలో ఏం రాశారో చదవగలిగిన మనిషి వదంతిని వదంతిగా గుర్తుపట్టే అవకాశం ఎక్కువ. మరాఠీ పత్రికా, ఉర్దూ పత్రికా రెండూ చదివే తెలుగు ఉపాధ్యాయులు ఈ ఊళ్లో వీధికొకరు ఉండాలని నేను మనసారా కోరుకుంటాను.

ఇప్పుడు మూడో తరం వచ్చింది. మహారాష్ట్ర పాఠ్యపుస్తకాల సంస్థ బాలభారతి తెలుగు మాధ్యమానికీ పుస్తకాలు అచ్చువేస్తుంది, భీవండిలో మునిసిపల్ తెలుగు బడులూ ఉన్నాయి. అయినా తల్లిదండ్రుల మొగ్గు ఇంగ్లిష్ వైపే. 2020 చట్టంతో అన్ని బడుల్లో మరాఠీ తప్పనిసరి అయింది కాబట్టి పిల్లలకు మరాఠీ లిపి వస్తుంది. తెలుగు నోట్లో ఉంటుంది, చేతిలో ఉండదు. వీళ్లకు తాతల జిల్లాయే పరాయి ఊరు. ముంబయి విశ్వవిద్యాలయానికి అనుబంధంగా భీవండిలో బి.ఎన్.ఎన్. కాలేజీ, జి.ఎం.మోమిన్ మహిళా కాలేజీ ఉన్నాయి. కరీంనగర్‌లో శాతవాహన విశ్వవిద్యాలయం ఉంది. 2020 జాతీయ విద్యా విధానం తర్వాత నాలుగేళ్ల డిగ్రీ వచ్చింది, ఒకచోట సంపాదించిన క్రెడిట్లు మరోచోట చెల్లే ఏర్పాటూ వచ్చింది. పద్మానగర్ విద్యార్థిని ఒకరు ఏడాదిపాటు కరీంనగర్‌లో తెలుగు చదువుతూ సిరిసిల్ల సాంచాల మీద తెలుగులో వ్యాసం రాయవచ్చు. కరీంనగర్ విద్యార్థి ఒకరు ఆ ఏడాది భీవండికి వచ్చి మరాఠీ బడిలోనో ఉర్దూ బడిలోనో సహాయకుడిగా పనిచేయవచ్చు. ఆ అబ్బాయికి గది మాత్రం పద్మానగర్‌లో ఇవ్వకూడదు. ఇద్దరికీ ముందు ఒక వేసవి గట్టి శిక్షణ కావాలి, తిరిగొచ్చాక ఆ భాషలోనే మౌఖిక పరీక్ష పెట్టాలి. నేతపని ఇళ్ల పిల్లలకు ఆ ఏడాది సంపాదన పోతుంది కాబట్టి, మైసూరు సంస్థ ఉపాధ్యాయులకు ఇస్తున్నట్టు వీళ్లకూ నెలనెలా భత్యం ఇవ్వాలి. అది లేకుండా మిగిలినవన్నీ ఏర్పాటు చేస్తే, ఇంట్లో ముందే తీరిక ఉన్నవాళ్లే మళ్లీ వెళతారు.