కోరింగ చెక్కబాట పనితనం

కాకినాడ నుంచి యానాం వెళ్లే రోడ్డు మీద చొల్లంగి దాటాక ఎడమచేతి పక్కన మడ అడవి మొదలవుతుంది. కోరింగ అభయారణ్యం చూడ్డానికి వచ్చిన వాళ్లంతా అక్కడి చెక్కబాట మీద నిలబడి ఫొటోలు దిగుతారు. ఆ బాట పనితనం మాత్రం ఫొటోల్లో పడదు. బురదలోకి స్తంభాలు దింపి, నేలకు ఎత్తుగా, చెట్ల మధ్య నుంచి వంపులు తిప్పుతూ కట్టారు. మడచెట్టు ఊపిరంతా వేళ్లలోనే ఉంటుంది. బురదలో గాలి ఆడదు కాబట్టి వేళ్లే పైకి పొడుచుకొచ్చి గాలి పీలుస్తాయి. వందల మంది వాటిని తొక్కుకుంటూ తిరిగితే వేళ్లు విరుగుతాయి, మన్ను గట్టిపడుతుంది, చెట్టు ఎండిపోతుంది. అందుకే కాలు నేలకు తగలకుండా అడవిని చూపించే ఏర్పాటు చేశారు. పాటు వేళ వెళ్తే బాట కింద పీతలు, బురదలో గెంతే చిన్న చేపలు కనిపిస్తాయి. పోటు వేళకు అక్కడంతా నీళ్లే. వచ్చేవాళ్లు వాచీ చూసుకుని బయల్దేరతారు గానీ, అడవి లోపలి కాలువల్లో పడవ ఎప్పుడు కదలాలో చెప్పేది సముద్రమే.

ఈ అడవిని 1978లో అభయారణ్యంగా ప్రకటించారు. విస్తీర్ణం దాదాపు 235 చదరపు కిలోమీటర్లు. గౌతమి పాయలు సముద్రంలో కలిసే చోట మడ, తిల్ల, ఉప్పుపొన్న అల్లుకుని పెరిగాయి. ఎదురుగా హోప్ ఐలాండ్ ఇసుకదిబ్బ అడ్డం పడుకుని కాకినాడ రేవును అలల నుంచి కాస్తుంది. 1839 నవంబరు తుపానుకు కోరింగ రేవు కొట్టుకుపోయింది. తుపాను అలల జోరును తగ్గించే మడచెట్టు విలువ ఈ తీరంలో ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు.

తెలిసీ నరికారు. వంటచెరకుకు, కంచెలకు పల్లెల వాళ్లు కొట్టింది కొంత. వెనకటి రోజుల్లో వంతులు వేసి ఒక్కో ముక్కలో ఉన్న చెట్లన్నీ నరికించిన పద్ధతి చేసిన నష్టం ఇంకా పెద్దది. నీడ పోయిన నేల ఎండకు కుంగి పళ్లెంలా గుంటపడుతుంది. పోటుకు ఎక్కిన నీళ్లు పాటుకు వెనక్కి పోలేక అక్కడే నిలిచి ఆవిరవుతాయి, ఉప్పు మిగులుతుంది. ఏళ్ల తరబడి ఇలా జరిగితే మడమొక్క కూడా బతకని పర్ర తయారవుతుంది. అక్కడ ఎన్ని మొక్కలు నాటినా చస్తాయి. నాటడం పని కాదు, నీళ్లు నడిపించడమే పని అని గుర్తుపట్టిన వాళ్లు ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధనా సంస్థ శాస్త్రవేత్తలు. తమిళనాడులోని పిచ్చావరంలో సాధించిన పద్ధతిని గోదావరి, కృష్ణా ముఖద్వారాలకు తెచ్చారు.

నాకు కోరింగలో అన్నిటికన్నా నచ్చిన పనితనం ఇదే. క్రీకు నుంచి పర్రలోకి ఒక పెద్ద కాలువ తవ్వుతారు. దానికి రెండు పక్కలా ఏటవాలుగా పిల్లకాలువలు కలుపుతారు. పైనుంచి చూస్తే చేపముల్లు ఆకారం. పోటుకు నీళ్లు చిట్టచివరి పిల్లకాలువ దాకా వెళ్తాయి, పాటుకు ఉప్పును కడిగి తెస్తాయి. ఆ తరవాతే గట్ల వెంట మొక్కలు నాటడం. ఇంజను లేదు, పంపు లేదు. రోజుకు రెండుసార్లు చంద్రుడే కూలి లేకుండా పని చేసిపెడతాడు. వాలు ఏ కాస్త తప్పినా నీళ్లు నిలిచిపోతాయి కాబట్టి, తవ్వేవాళ్లకు ఆ నేల ఎత్తుపల్లాలు తెలిసి ఉండాలి. పక్క పల్లెల మత్స్యకారుల కన్నా వాటిని ఎరిగినవాళ్లు ఎవరు? కాలువలు తవ్వింది వాళ్లే, పూడిక తీయాల్సిందీ వాళ్లే.

పర్యాటకుల డబ్బుకూ పని ఈ పల్లెల్లోనే దొరికింది. వేరే దేశాల్లో కొన్ని పర్యటన కంపెనీలు టిక్కెట్టులో కొంత తీసి ఎక్కడో ఉన్న వన్యప్రాణి సంస్థకు విరాళంగా పంపుతాయి. కోరింగలో ఆ దూరం తక్కువ. అటవీశాఖ అజమాయిషీలో, చుట్టుపక్కల ఊళ్లతో ఏర్పడిన ఎకో డెవలప్‌మెంట్ కమిటీల వాళ్లే పర్యాటకుల మంచిచెడ్డలు చూస్తారు. మత్స్యకార కుటుంబాల నుంచి వచ్చినవాళ్లకు అదొక కూడు పెట్టే పని. అడవి నిలబడితేనే ఆ పని నిలబడుతుంది. రంపచోడవరం ఏజెన్సీలోని మారేడుమిల్లిలోనూ ఇదే తీరు. అక్కడ వాల్మీకి గిరిజనుల వన సంరక్షణ సమితులు విడిది నడుపుతున్నాయి.

టిక్కెట్ల మీదే అంతా నడుస్తుందనుకుంటే మాత్రం పొరపాటు. గత దశాబ్దంలో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం సాయంతో వచ్చిన ఈగ్రీ ఫౌండేషన్, అటవీ, మత్స్య శాఖలతో పాటు రేవు, చమురు పరిశ్రమలనూ ఈ సంరక్షణలోకి లాగింది. తాబేలు వలలో పడినా బయటికి పోయే ఏర్పాటును మరబోట్ల వాళ్లకు నేర్పే పని అందులో ఒకటి. ఆలివ్ రిడ్లీ తాబేళ్లు హోప్ ఐలాండ్ ఇసుకలో గుడ్లు పెడతాయి కదా. ఇక బావురుపిల్లులు: 2018 లెక్కల్లో నూటికి పైగా తేలాయి. రాత్రిపూట తిరిగే జంతువు కాబట్టి పగలు టిక్కెట్టు కొన్నవాడికి అది కనపడే అవకాశం దాదాపు లేదు. కనపడని జంతువు కోసం డబ్బు కట్టించుకోవడం కూడా ఒక నేర్పే అంటాను.

నచ్చనివీ లేకపోలేదు. సెలవురోజుల్లో బాట మీద పాటల పెట్టెల మోత, వేళ్ల మధ్య చిక్కుకున్న చిప్స్ ప్యాకెట్లు. రాజమండ్రి, కాకినాడల నుంచి ప్యాకేజీ బస్సులు నడిపే ప్రైవేటు వాళ్లు ఈ అడవిని అమ్ముకుంటున్నంతగా అడవికి తిరిగి ఇవ్వాలి కదా. ఏ కాలువైనా పూడితే తీయించే ఖర్చు ఒక్కో బస్సుకు పంచి వేస్తే సీటుకు ఎంతో పడదు. కమిటీ కూడా గేటు దగ్గర నల్లబల్ల ఒకటి పెట్టి, ఈ నెల టిక్కెట్ల మీద వచ్చింది ఇంత, పూడికతీతకు పోయింది ఇంత, బాట మరమ్మతుకు ఇంత అని సుద్దముక్కతో రాస్తే, బస్సు దిగిన ప్రతివాడూ ముందు అదే చదువుతాడు.