నిలబడి తప్పించుకున్నవాడు

సంక్రాంతికి పాలమూరు పల్లెల్లో కబడ్డీ పోటీలు పెడితే, గుమిగూడిన జనమంతా కూతకు పోయినవాడి చేతులు చూస్తారు. ఆట తెలిసినవాళ్ళు కాళ్ళు చూస్తారు. చిన్నప్పుడు మాకు కూతకు పోవడం నేర్పిన పెద్దాయన ఒక్కటే మాట పదేపదే చెప్పేవాడు: "ముందుగాల వాని కాలు కదలాలె, ఆ తర్వాతనే నీ కాలు." ఎర్రచెల్కలో ముగ్గుపిండితో గీసిన గీతల నడుమ విన్న మాట అది. అదెట్లా ఉంటుందో పూర్తిగా కళ్ళకు కట్టింది మాత్రం కబడ్డీ ఆటగాడు కాదు. ఎక్కడో పసిఫిక్ సముద్రంలోని ఫిజీ దీవుల రగ్బీ ఆటగాడు. పేరు వైసాలె సెరెవి.

ఫిజీ మనకు మరీ తెలియని దేశమేమీ కాదు. 1903 నుంచి మద్రాసు రేవు మీదుగా అక్కడి చెరకు తోటలకు కూలికి పోయిన దక్షిణాదివాళ్ళలో తెలుగువాళ్ళూ ఉన్నారు. వాళ్ళ సంతానం ఇప్పటికీ అక్కడే ఉంది. పది లక్షల జనాభా కూడా లేని ఆ దేశానికి ఏడుగురు ఆడే రగ్బీ (సెవెన్స్) ప్రాణం. 2016 రియో ఒలింపిక్స్‌లో బ్రిటన్‌ను 43-7తో ఓడించి తమ మొట్టమొదటి పతకం, అదీ బంగారు పతకం తెచ్చుకున్నారు. మరుసటి ఏడాది ఆ గెలుపు గుర్తుగా ఏకంగా ఏడు డాలర్ల నోటు అచ్చువేశారు. ఆ ఆటకు అంత విలువ తెచ్చినవాళ్ళలో సెరెవిది ముందువరుస.

అతని పనితనం తెలియాలంటే ముందు మైదానం కొలత తెలియాలి. రగ్బీ మైదానం వెడల్పు 70 మీటర్లు. పదిహేను మంది ఆడేటప్పుడు ఒక్కొక్కరు కాపలా కాయాల్సింది అయిదు మీటర్లు కూడా ఉండదు. అదే మైదానంలో ఏడుగురే ఆడితే మనిషికి పది మీటర్లు. కబడ్డీ బరి మొత్తం వెడల్పే పది మీటర్లు! అక్కడ ఏడుగురు కలిసి ఒకడికోసం కాచుకునే జాగాను ఇక్కడ ఒక్కడే కాయాలి. చెయ్యీ చెయ్యీ పట్టుకుని చైన్ కట్టడానికి పక్కన మనిషి ఉండడు. ఇంత ఖాళీ దొరికితే ఎవరైనా ఏం చేస్తారు? కాలిసత్తువ కొద్దీ ఉరుకుతారు.

సెరెవి నడిచేవాడు.

పాత ఆటలు చూడండి. బంతి చేతికి అందగానే వేగం తగ్గిస్తాడు. ఒక్కోసారి దాదాపు ఆగిపోతాడు. కోలగా ఉండే ఆ బంతిని రెండు చేతులతో పట్టుకుని ఒంటికి కాస్త ఎడంగా, ఎదుటివాడికి కనబడేలా ఉంచుతాడు. అసలు కిటుకంతా ఆ రెండు చేతుల్లోనే ఉందని నా నమ్మకం. బంతిని చంకలో ఇరికించుకున్నవాడు ఇక ఉరుకుతాడని ఎదుటివాడికి తెలిసిపోతుంది. రెండు చేతుల్లో ఉంటే ఎడమకు ఇవ్వొచ్చు, కుడికి ఇవ్వొచ్చు, ఇచ్చినట్టు చేసి తానే దూరిపోవచ్చు. మూడు దారులూ తెరిచి పెట్టి నింపాదిగా నడిచి వస్తున్న మనిషి ముందు కాపలావాడు ఎంతసేపని ఓపిక పడతాడు? అరక్షణం ఆగలేక ఒక కాలు కదిపేస్తాడు. ఆ కాలు వదిలిన జాగాలోంచే సెరెవి వెళ్ళిపోతాడు.

ఉరుకులో ఉన్నప్పుడు మరో పని చేసేవాడు. నిండు పరుగు మధ్యలో చిన్న తొట్రుపాటు లాంటి గెంతు, అడుగు తడబడిందేమో అన్నట్టు. వెంటాడేవాడు "ఆగుతున్నాడు" అనుకుని మడమల మీదికి బరువు వేస్తాడు. మడమల మీద నిలబడ్డ మనిషి మళ్ళీ పరుగందుకోవాలంటే ముందు మునివేళ్ళ మీదికి రావాలి. ఆ ఒక్క అడుగు తేడాతో ఇతను దాటిపోతాడు. అయిదున్నర అడుగులు దాటీదాటని మనిషి. తనకన్నా జానెడు ఎత్తున్నవాళ్ళను, తనకన్నా వేగంగా ఉరికేవాళ్ళను ఇట్లా వాళ్ళ బరువుతోనే కట్టిపడేశాడు.

రగ్బీలో బంతిని చేత్తో ముందుకు విసరకూడదు. పక్కకో వెనక్కో అందించాలి. మనిషి ముందుకు పోవాలి, బంతి వెనక్కి రావాలి. అందుకే అందించేవాడు వెనక ఎవరున్నారో మెడ తిప్పి చూసుకోవడం మామూలు. సెరెవి చాలాసార్లు చూడడు. ఒకవైపు చూస్తూ మరోవైపు ఇస్తాడు. ఎదుటివాడు అతని కళ్ళను నమ్మి మోసపోతాడు.

ట్రై (ఎదుటి జట్టు చివరి గీత దాటి బంతిని నేలకు ఆనించడం) చేశాక అదనపు రెండు పాయింట్ల కోసం కొట్టే కిక్ సంగతి చెప్పకపోతే ఈ పనితనం సగమే చెప్పినట్టు. పదిహేను మంది ఆటలో బంతిని నేలమీద నిలబెట్టుకుని తన్నొచ్చు. ఏడుగురి ఆటలో ఆ వెసులుబాటు లేదు. చేతిలోంచి జారవిడిచి, నేలకు తగిలి లేచే క్షణంలోనే తన్నాలి. కోలబంతి కదా, వాలుగా పడితే ఎటు లేస్తుందో దానికే తెలియదు. మొన నిట్టనిలువుగా నేలను తాకేలా వదలడమే విద్య. ఇక్కడా కాలికన్నా ముందు చేతి పనే. 1993 నుంచి 2005 దాకా ప్రపంచకప్ సెవెన్స్ పోటీల్లో అతను కూడబెట్టిన 297 పాయింట్లలో ఆ కిక్కుల వాటా తక్కువేం కాదు.

1968 మే 20న సువాలో పుట్టిన సెరెవి 1997లో హాంకాంగ్‌లో ఫిజీకి ప్రపంచకప్ గెలిపించాడు. ఫైనల్లో దక్షిణాఫ్రికాపై 24-21. ఈ తరహా రగ్బీలో, అంటే రగ్బీ యూనియన్‌లో, బాహాటంగా జీతాలిచ్చి ఆడించడం 1995లో మొదలైంది కాబట్టి, ఆ గెలుపు తర్వాత ఇంగ్లండ్‌లోని లెస్టర్ టైగర్స్ అతన్ని తీసుకుంది. అక్కడ అతను పెద్దగా వెలగలేదు. తర్వాత ఫ్రాన్స్ వెళ్ళి మోంట్-ద-మార్సాన్‌కు ఆడాడు. పదిహేను మంది ఆట ప్రపంచకప్పుల్లోనూ దేశానికి ఆడాడు గాని, అతని పేరు నిలిచింది సెవెన్స్‌లోనే. దీన్ని కొందరు లోటుగా లెక్కగడతారు. నాకు అట్లా అనిపించదు. పది మీటర్ల ఖాళీని చదవడం నేర్చిన కంటికి అయిదు మీటర్ల ఇరుకులో చదవడానికి ఏం మిగులుతుంది? మగ్గం మార్చి, నేత సరిగా రాలేదని నేతగాణ్ణి తప్పుపట్టలేం. గద్వాల చీర చూసిన కళ్ళకు ఈ మాట విడమరిచి చెప్పనక్కరలేదు.

2005లో మళ్ళీ హాంకాంగ్. అప్పటికి అతనికి ముప్ఫై ఆరు దాటాయి. కుర్రకారు ఆట అది. ఫైనల్లో న్యూజిలాండ్‌పై 29-19, రెండో ప్రపంచకప్. ఆ తర్వాతి సీజన్లో తానే ఆటగాడూ తానే కోచ్ అయి, ఆరేళ్ళుగా న్యూజిలాండ్ వదలని ప్రపంచ సిరీస్ టైటిల్‌ను ఫిజీకి తెచ్చాడు. వేగం తగ్గే వయసులో ఇది సాధ్యమైందంటే, అతని ఆట మొదటినుంచీ వేగం మీద నిలబడలేదు కాబట్టే. 2013లో ప్రపంచ రగ్బీ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చారు.

2025 జూన్‌లో ముంబైలో రగ్బీ ప్రీమియర్ లీగ్ మొదలైనప్పుడు ఆరు జట్లలో హైదరాబాద్ హీరోస్ ఒకటి. అదీ ఏడుగురి ఆటే. ఆ లీగ్ చూశాకే మహబూబ్‌నగర్‌లో కబడ్డీ ప్రాక్టీసు చేసే పిల్లలకు ఫోన్లో సెరెవి పాత ఆట చూపించాను. మొదటిసారి అందరూ బంతినే చూశారు. రెండోసారి వెనక్కి తిప్పి పెట్టేసరికి కార్నర్ ఆడే పిల్లవాడొకడు ఫోను నా చేతిలోంచి తీసుకుని, "సార్, ఈయన ముందటోని మొకం చూస్తలేడు, మోకాళ్ళు చూస్తుండు" అన్నాడు. ఇంకోసారి చూశాం. నాలుగోసారి పెట్టమని అడగడానికి ఎవరూ లేరు. ఇద్దరు అప్పటికే మధ్యగీత దాటి, కూత అందుకుని, మెల్లగా నడుస్తున్నారు.