మచ్చ ఉంటేనే పచ్చ

హైదరాబాదు పాతబస్తీలో గుల్జార్ హౌజ్ చుట్టుపక్కల నగల దుకాణాల్లో పచ్చలు కొనడానికి వచ్చినవాళ్ల నోట తరచూ వినబడే మాట ఒకటుంది: "సేట్, మచ్చ లేనిది చూపియ్యుండ్రి." వజ్రాలు కొన్న అలవాటు అది. వజ్రంలో మచ్చ కనబడితే ధర పడిపోతుంది, నిజమే. పచ్చ దగ్గర ఆ లెక్క నడవదు. బొటనవేలి గోరంత పచ్చ, లోపల నలుసన్నది లేకుండా నిగనిగలాడుతూ, పైగా చవగ్గా దొరికిందంటే సంబరపడే ముందు అనుమానపడాలి. గాజు అయినా అయ్యుండాలి, కార్ఖానాలో పెంచిన రాయి అయినా అయ్యుండాలి.

పచ్చ పుట్టుకే గొడవల్లో పుట్టుక. ఇది బెరిల్ జాతి ఖనిజం. శుద్ధమైన బెరిల్‌కు అసలు రంగే ఉండదు. క్రోమియమో వెనేడియమో కాసింత చేరితేనే ఆ ఆకుపచ్చ వస్తుంది. చిక్కంతా ఆ చేరికలోనే ఉంది. బెరిల్‌కు కావలసిన బెరీలియం ఎక్కువగా గ్రానైటు వెంట ఉంటుంది. క్రోమియం భూమి లోతుల నుంచి వచ్చిన వేరే రకం రాళ్లలో ఉంటుంది. రెండూ ఒకచోటికి రావడమే అరుదు. వచ్చినా నేల నలిగి, పగుళ్లలో వేడి ద్రవాలు పారే చోటే కలుస్తాయి. ఆ కల్లోలమంతా చారలుగా, నలుసులుగా రాయిలో ఉండిపోతుంది. కొలంబియా పచ్చను సూక్ష్మదర్శిని కింద పెడితే ఒక్కోసారి వింత కనబడుతుంది: ముల్లు మొనలాంటి చిన్న ఖాళీ, అందులో ఉప్పునీరు, ఆ నీళ్లలో ఒక గాలిబుడగ, పక్కనే నలుపలకల ఉప్పు పలుకు. కోట్ల ఏళ్ల కిందటి నీటిచుక్క అది. దాన్ని పట్టుకుని మచ్చ అంటున్నాం మనం.

గోల్కొండ పేరు చెబితే వజ్రాలు గుర్తొస్తాయి. అవి కృష్ణ ఒడ్డు గనులవి. ఆనాటి పచ్చలు మాత్రం మన నేలవి కావు, చాలావరకు సముద్రాలు దాటి వచ్చాయి. 16వ శతాబ్దంలో స్పెయిన్‌వాళ్లు కొలంబియా గనుల్ని చేజిక్కించుకున్నాక అక్కడి రాళ్లు మొదట స్పెయిన్ మీదుగా, తర్వాత ఫిలిప్పీన్స్ మీదుగా మన దేశానికి చేరాయి. వాటిని కొనే స్తోమత, మోజు మొగలులకూ దక్కన్ సుల్తానులకూ ఉన్నాయి. ఎక్కడివో తెలియని మేలైన రాళ్లను ఇక్కడి వ్యాపారులు 'పాత గని' రాళ్లన్నారు. ఆ గని ఎక్కడుందన్నది చాలాకాలం ఊహలకే వదిలేశారు. 2000లో ఫ్రాన్స్ శాస్త్రవేత్తల బృందం ఒకటి పచ్చల్లోని ఆక్సిజన్ ఐసోటోపుల్ని కొలిచి, ఏ రాయి ఏ గనిదో పట్టుకుంది. పరీక్షించిన వాటిలో నిజాం ఖజానాకు చెందిన పాత గని రాళ్లూ ఉన్నాయి. కొలంబియావి తేలాయి, అఫ్ఘనిస్తాన్‌దీ తేలింది. అంటే పాత గని అన్న మాట వెనక ఒక్క గని లేదు.

మన భద్రాద్రి రామదాసు కథలోనూ పచ్చ ఉంది. గోల్కొండ సుల్తాను తానీషా చెరలో కూర్చుని రాముడికి లెక్క అప్పజెప్పిన కీర్తనలో, సీతమ్మకు చింతాకు పతకంతో పాటు భరతుడికి చేయించిన పచ్చల పతకం ఖర్చు కూడా రాశాడాయన. పదివేల వరహాలట. తహసీల్దారు పద్దులా ఉంటుంది ఆ పాట. పచ్చ ఖరీదు ఆనాడూ గుండె మీద బరువేనన్నమాట.

ఇక నిజాం నగల సంగతి. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ 1950ల మొదట్లో ట్రస్టులకు అప్పగించిన నగల్లో 173 వస్తువుల్ని కేంద్ర ప్రభుత్వం 1995లో సుమారు 218 కోట్ల రూపాయలకు కొన్నది. వాటిలో పచ్చలే రెండు వేలకు పైగా, బరువు పదివేల క్యారట్ల దరిదాపు. 2001లో, మళ్లీ 2006లో సాలార్‌జంగ్ మ్యూజియంలో వాటిని చూపించారు. జనం కళ్లన్నీ 184 క్యారట్ల జాకబ్ వజ్రం మీదే. నాకు మాత్రం పచ్చల దగ్గర్నుంచి కదలబుద్ధి కాలేదు. రాజుగారి రాళ్లే అయినా చాలావాటిలో చారలు మామూలు కంటికి కనబడుతున్నాయి. ఎవరూ దాచలేదు, దాచాలని అనుకోలేదు కూడా. ఇప్పుడా నగలు రిజర్వు బ్యాంకు ఖజానాలో ఉన్నాయి. ఊరి సొమ్ము ఊళ్లో ఉంటే బాగుండునని ఇక్కడివాళ్లు ఎప్పటినుంచో అంటున్నారు, నేనూ అంటున్నాను.

చారలున్న రాయిని నగలో ఎలా నిలబెడతారో తెలియాలంటే దుకాణం మెట్లు దిగి కార్ఖానా మెట్లు ఎక్కాలి. చార్‌కమాన్, ఘాన్సీ బజార్ సందుల్లో ఇరుకు గదుల్లో నేల మీద కూర్చుని పనిచేసే కారీగర్లలో బెంగాలీలు ఎక్కువ. బంగారంలో రాళ్లు పొదిగే జడావు పని చేసే ఒకాయన పక్కన కూర్చుని చూశాను. బంగారు చట్రం అప్పటికే తయారై ఉంది. అతుకులు, వెనక వైపు మీనా రంగులు, నిప్పుతో పనంతా ముందే ముగించేశారు. రాళ్లు ఆఖరున వస్తాయి. గూట్లో లక్క నింపాడు. బొగ్గు సెగ చూపించి మెత్తబరిచాడు. తళతళలాడే పల్చటి రేకు వేసి, దాని మీద పచ్చను కుదురుగా కూర్చోబెట్టాడు. తర్వాతే అసలు పని. మేలిమి బంగారాన్ని సన్నటి పట్టీలుగా కొట్టి ఉంచుకున్నాడు, అదే కుందనం. ఒక ముక్క తుంచి రాయి అంచున పెట్టి ఉక్కు సలాకతో నొక్కాడు. ఇంకో ముక్క, ఇంకో నొక్కు. మేలిమి బంగారం అంత మెత్తన కాబట్టి ఒత్తిడికే ఒకదానితో ఒకటి అంటుకుపోతుంది. మంట లేదు, టంకం లేదు, రాయి నెత్తిన గోళ్లు వంచడం లేదు. ఆయన సలాక రాయిని ఒక్కసారి కూడా తాకలేదు.

పచ్చకు కావలసిందీ అదే. గీతకు లొంగని గట్టిదనం దానికి ఉంది, మోస్ కొలతలో ఏడున్నర నుంచి ఎనిమిది. దెబ్బకు మాత్రం తట్టుకోదు. లోపలి పగులు వెంట విరుగుతుంది. సెగ తగిలితే ఆ పగులే పెరుగుతుంది. మూలలు తెగ్గోసిన ఎనిమిది పలకల కోతకు పచ్చ పేరే పెట్టారంటే, కొసలు చిట్లకుండా కాపాడుకోవడం అందులో పెద్ద కారణం. మన కుందనం పని అంతకంటే ఓర్పయినది. పెళుసు రాయిని బలవంతపెట్టకుండా బంగారంలో నిలబెట్టే ఉపాయం ఇంతకంటే మంచిది నేను చూడలేదు. హైదరాబాదు ఏడు పేటల సత్‌లడాల్లో, మెడకు పట్టే చింతాకుల్లో ముత్యాల పక్కన పచ్చలు తరాలు దాటి వచ్చాయంటే ఆ నొక్కుడు పని పుణ్యమే.

ఇప్పుడు నూనె సంగతి. పచ్చకు నూనె పట్టించడం దొంగతనమేమీ కాదు, పాత పద్ధతే. పైకి తేలిన పగుళ్లలోకి దేవదారు జాతి నూనె ఇంకితే వెలుగు అక్కడ చెదరదు, రాయి తేటపడుతుంది. నూనె కొన్నేళ్లకు ఆరిపోతుంది, మళ్లీ పట్టించవచ్చు. మా పిన్ని ఉంగరాన్ని మెరుగు పెట్టమని ఒక దుకాణంలో ఇస్తే, వాళ్లు అన్ని నగలతో పాటు దాన్నీ అల్ట్రాసోనిక్ యంత్రంలో వేశారు. బయటికి తీసేసరికి రాయి నిండా తెల్లటి గీతలు. "ముందునుంచే ఉన్నయమ్మా" అన్నారు. ముందునుంచే ఉన్నాయి, నిజమే. వాటిని కప్పి ఉంచిన నూనెను కడిగేసింది వాళ్లు. పచ్చ నగను తడి గుడ్డతో తుడిస్తే చాలు. వేణ్ణీళ్లు, ఆవిరి, యంత్రం పనికిరావు. నేను ఒప్పుకోనిది రంగు కలిపిన నూనె. జిగురు రసాయనం నింపి నోరు మూసుకోవడం అంతకంటే అన్యాయం.

ఇంకో మాట. కొందరు దుకాణదారులు చెల్సీ ఫిల్టర్ అనే చిన్న అద్దం కంటికి పెట్టి చూపిస్తారు. కొలంబియా పచ్చ దాంట్లోంచి ఎర్రగా కనబడుతుంది, గాజు ఆకుపచ్చగానే ఉంటుంది. అది చూసి మురిసిపోకండి. కార్ఖానాలో పెంచిన పచ్చ తరచూ అంతకంటే ఎర్రగా కనబడుతుంది. ఇవాళ బజారుకు దండిగా వస్తున్న జాంబియా రాళ్లలో అసలైనవి కూడా చాలాసార్లు ఎర్రబడవు. ఆ అద్దం సగం సాక్షి మాత్రమే.

జడావు నగలో అందం ఉన్నచోటే మోసానికీ చోటుంది. రాయి వెనక మూసి ఉంటుంది, కింద రేకు ఉంటుంది. వెలిసిన రాయి కూడా మంచి రేకు మీద ముదురు పచ్చగా వెలుగుతుంది. లోపలి లక్క తూకంలో కలుస్తుంది. బంగారానికి 2021 నుంచి దశలవారీగా హాల్‌మార్కు తప్పనిసరి చేశారు గానీ కుందన్, పోల్కీ, జడావు నగలకు మినహాయింపు ఇచ్చారు. చేతిపని స్వభావం చూస్తే ఆ మినహాయింపుకు కారణం లేకపోలేదు. కాకపోతే అక్కడ కొనేవాడికి కాపలా కొనేవాడే.

అందుకని ఈ పెళ్లిళ్ల కాలంలో పాతబస్తీకి వెళ్లేవాళ్లకు నా మనవి. నగ చేయించుకునేట్టయితే రాళ్లను కూర్చకముందే చూడండి. దుకాణంలో దీపాల కింద వద్దు, గుమ్మం దగ్గర పగటి వెలుగులో చూడండి. ఖరీదైన రాయి అయితే విడిగా ఉన్నప్పుడే ల్యాబు కాగితం తీసుకోండి. నింపినది నూనెనా జిగురా, కొద్దిగానా ఎక్కువగానా అన్నది అందులో రాయించుకోండి. బిల్లులో బంగారం బరువు, రాళ్ల బరువు, లక్క బరువు వేర్వేరుగా అడగండి. మచ్చ లేనిది చూపమని మాత్రం అడక్కండి. అడిగితే చూపిస్తారు.