కిటికీ అద్దం, లప్పం, నూలెడు సందు

తెలుగులో కిటికీకి ఉన్న పాత పేర్లు వేటిలోనూ గాజు జాడ కనిపించదు. వాతాయనమంటే గాలి నడిచే దారి, గవాక్షమంటే ఆవు కన్ను, నిత్యవ్యవహారంలోని కిటికీ అన్న మాట హిందీ ఖిడ్కీకి చుట్టం. ఈ పేర్ల వెనుక ఉన్నది ఊచలు బిగించి, చెక్క రెక్కలు తొడిగి, గాలి కావలసినప్పుడు తెరిచి, వాన కొట్టినప్పుడు మూసుకునే గోడలోని కంతే తప్ప, మూసి ఉండగానే వెలుతురునిచ్చే అమరిక కాదు. ఆ అమరిక తెలుగు నేల మీద ప్రధానంగా దొరల కాలపు బంగళాలు, కచేరీలు, రైల్వే స్టేషన్లు, మిషనరీ బడులతో వ్యాపించి, తర్వాత పట్టణాల మేడలకూ, పల్లెల్లో కలిగినవారి లోగిళ్లకూ పాకింది. కొత్తగా వచ్చిన ఆ పలకకు జనం విడిగా పేరు వెతకకుండా ముఖం చూసుకునే అద్దం పేరునే ఇచ్చేశారు కాబట్టి, తెలుగులో తనను తాను చూసుకునేదీ అద్దమే, వీధిలో పోయేవారిని చూసేదీ అద్దమే.

వస్తువుతో పాటు దాన్ని నిలబెట్టే పద్ధతి కూడా ఇంగ్లండు నుంచే వచ్చింది. అక్కడ 1696 నుంచి 1851 దాకా కిటికీల లెక్కన ఇంటికి పన్ను వేసేవారు. పద్దెనిమిదో శతాబ్దం నడుమ నుంచి 1845 దాకా గాజు మీద వేరే సుంకం ఉండేది. దానికి తోడు ఆనాటి గాజును గొట్టంతో ఊది, గిరగిరా తిప్పి పళ్లెంలా విప్పార్చేవారు కనుక, ఆ పళ్లెంలోంచి పెద్ద పలకలు తీయడానికి వీలుండేది కాదు. అందువల్ల ఒక్కొక్క రెక్కను సన్నని చెక్క బద్దలతో గళ్లుగా విడదీసి, గడికొక చిన్న పలకను లప్పంతో, అంటే పుట్టీతో, నిలిపేవారు. పన్నులు పోయి, పెద్ద గాజు చవకైన తర్వాత కూడా గళ్ల రెక్కలు మిగిలాయంటే అందుకు అలవాటు ఒక కారణమైతే, పిల్లల బంతి తగిలినప్పుడు రెక్క మొత్తం కాక ఒక్క గడి మాత్రమే పోవడం మరొక కారణం.

రెక్క చట్రపు అంచున నాలుగు వైపులా మెట్టులా చెక్కిన పల్లాన్ని గాడి అంటారు. అద్దం ఈ గాడిలో కూర్చుంటుంది. దాని లోపలి ముఖం చెక్క మెట్టుకు ఆని ఉంటే, బయటి ముఖాన్ని లప్పం కాపాడుతుంది. గాలి బయటి నుంచి తోసినప్పుడు ఆ ఒత్తిడి లప్పం మీద కాక చెక్క మీద పడాలన్నదే ఈ ఏర్పాటు ఉద్దేశం. చూపరికి ఇదంతా అద్దాన్ని కదలకుండా బిగించడంలా కనిపిస్తుంది గానీ, పనివాడి నేర్పు తెలిసేది అద్దానికి కదిలే చోటు వదలడంలోనే. చెక్క వానాకాలంలో తేమ పీల్చి ఉబ్బుతుంది, రోళ్లు పగిలే రోహిణి కార్తెలో ఎండి కుంచించుకుపోతుంది. గాజుకు తేమతో పని లేదు. చట్రం దగ్గరపడినప్పుడు అద్దం అంచు చెక్కకు తగిలితే, కోత సమయంలో ఆ అంచున పడిన కంటికి కనిపించని గాట్లలో ఒకటి చాలు, ఎవరూ రాయి విసరకుండానే మూల నుంచి పగులు పాకుతుంది. కారణం తెలియని ఇటువంటి పగుళ్లను ఇళ్లలో దిష్టి ఖాతాలో వేయడమూ ఉంది.

ఈ ప్రమాదం తప్పించడానికి అద్దాన్ని గాడి కొలత కంటే పొడవులోనూ వెడల్పులోనూ ఒక నూలు తగ్గించి కోస్తారు. నూలు అంటే అంగుళంలో ఎనిమిదో వంతు, మూడు మిల్లీమీటర్లకు కాస్త పైన. కొన్ని చోట్ల దీన్నే సూతు అంటారు. ఒక నూలు తగ్గించడం వల్ల అటు అర నూలు, ఇటు అర నూలు సందు మిగులుతుంది. కొలత తీసుకునేటప్పుడు నాలుగు అంచులే కాక రెండు కర్ణాలు, అంటే మూల నుంచి మూలకు ఉండే దూరాలు కూడా చూడడం మంచి వడ్రంగి లక్షణం. కర్ణాలు సమానంగా లేకపోతే చట్రం వాలిందని అర్థం. అప్పుడు అంకెలను నమ్మకుండా గాడికి అట్టముక్క కోసి పెట్టి, ఆ అట్టనే దుకాణానికి పట్టుకెళ్తారు.

సందును నింపే లప్పం చూడటానికి తెల్లని పిండిముద్ద. దానిలో ఉండేవి రెండే: మెత్తని సుద్దపొడి, అవిసె నూనె. కిలో పొడికి సుమారు 150 నుంచి 200 గ్రాముల నూనె పడుతుంది. పొడిలో గుంట చేసి నూనె కొద్దికొద్దిగా పోస్తూ, పూరీ పిండి కలిపినట్టు అరచేతి మడమతో నొక్కి నొక్కి మర్దించి, ఒక రాత్రి మూతపెట్టి ఉంచితే పొడి నూనెను సమంగా పీల్చుకుంటుంది. అరచేతికి అంటుకుంటే నూనె ఎక్కువైనట్టు. తాడులా పేని వంచినప్పుడు పగుళ్లిస్తే తక్కువైనట్టు. అవిసె నూనెకున్న విశేషం ఏమిటంటే, అది నీళ్లలా ఆవిరై ఎండదు. గాలిలోని ప్రాణవాయువును తీసుకుని, తనలో తాను అల్లుకుపోయి సాగే పొరగా మారుతుంది. అందుకే లప్పం పైపొర కొద్ది రోజుల్లో గట్టిపడినా లోపల నెలల తరబడి మెత్తగా ఉండి, చెక్క ఉబ్బినా తగ్గినా తానూ కొంత సర్దుకుంటుంది. ఈ గుణానికి ఒక చెడ్డ వైపు కూడా ఉంది. ప్రాణవాయువును పీల్చేటప్పుడు నూనె వేడి పుట్టిస్తుంది కనుక, నూనె తుడిచిన గుడ్డలను ఉండచుట్టి మూలన పడేస్తే నిప్పు తగలకుండానే అంటుకోగలవు. వాటిని విప్పి ఆరబెట్టడమో, నీళ్లలో ముంచడమో చేయాలి.

భారతీయ ప్రమాణాల సంస్థ కిటికీ చట్రాల లప్పానికి ఐఎస్ 419 అన్న విడి ప్రమాణాన్నే ఇచ్చిందంటే, గోడ పుట్టీ వేరు, కిటికీ పుట్టీ వేరు అన్న ఎరుక ఒకప్పుడు ఎంత స్పష్టంగా ఉండేదో తెలుస్తుంది. ఇప్పుడు ఆ ఎరుక మసకబారింది. సున్నం పనివారూ రంగుల పనివారూ గోడ గుంటలు పూడ్చే సిమెంటు పొడినీ లప్పమనే పిలవడం వల్ల, ఇంట్లో మిగిలిన ఆ పొడినే నీళ్లతో కలిపి అద్దం చుట్టూ పూసేవారు ఎందరో. అది రాయిలా బిగిసి, చెక్క కదిలిన మొదటి ఋతువులోనే నిలువునా చీలుతుంది. ఈలోగా అద్దాన్నీ పగలగొట్టవచ్చు.

పాత పలక తీయడం ఈ పనిలో ఓపికను ఎక్కువగా అడిగే ఘట్టం. పగిలిన అద్దానికి రెండు వైపులా అడ్డదిడ్డంగా టేపు అంటించి, వీలైతే బందుల నుంచి రెక్కను ఊడదీసి బల్ల మీద పడుకోబెట్టి, తోలు చేతొడుగులూ కళ్లద్దాలూ పెట్టుకుని, పై అంచు పెంకులను ముందుగా తీసుకుంటూ కిందికి రావాలి. కింది నుంచి మొదలుపెడితే పైనున్న ముక్క కత్తిలా జారి మణికట్టు మీద పడుతుంది. దశాబ్దాల లప్పం రాయితో సమానం కాబట్టి, ఉలిని చెక్కకు సమాంతరంగా పెట్టి చిన్నచిన్న దెబ్బలతో పొరలుగా లేపాలి. లోపల దాగిన చీలలు తగిలినప్పుడల్లా ఆగి పట్టకారుతో లాగాలి. ఇక్కడ సుత్తి బలం చూపినవాడు గాడి అంచును విరగ్గొట్టుకుంటాడు. పాత రంగు విషయంలోనూ జాగ్రత్త అవసరం. ఇంటి రంగుల్లో సీసం పది లక్షల భాగాలకు 90 భాగాలు మించరాదన్న నిబంధన దేశంలో 2017 నవంబరు 1 నుంచి అమల్లోకి వచ్చింది కనుక, అంతకు ముందు పూసిన కిటికీల రంగులో సీసం ఉండవచ్చు. దాన్ని పొడిగా గీకడం, మంటతో కాల్చడం మాని, తడిపి గీకి, రాలిన పొట్టును తడిగుడ్డతో ఎత్తాలి. పెంకులను మందంగా కాగితాల్లో చుట్టి అట్టపెట్టెలో పెట్టి, పైన గాజు అని రాసి ఇవ్వడం మునిసిపాలిటీ పారిశుద్ధ్య కార్మికుల చేతులకు చేయదగిన కనీస మర్యాద.

కొత్త పలక కోసం చాలా ఊళ్లలో వెళ్లేది దేవుళ్ల పటాలు కట్టే షాపుకే. అక్కడి బల్ల మీద పాత దుప్పటి పరిచి ఉంటుంది. పలకను తుడిచి దాని మీద పెట్టి, కొయ్య బద్దను గీతకు ఆనించి, కిరోసిన్‌లో ముంచిన చిన్న ఉక్కు చక్రపు కలాన్ని ఈ కొస నుంచి ఆ కొసకు ఒకే పట్టున లాగుతారు. సర్రుమని తెగని చప్పుడు వస్తే గీత కుదిరినట్టే. మధ్యలో చప్పుడు ఆగితే అక్కడ గీత పడలేదన్న మాట. ఈ గీత గాజును కోయదు. గాజు మందంలోకి నిలువుగా ఒక సన్నని పగులును దింపి, అది ఎటు పాకాలో దారి చూపుతుంది. అందుకే గీసిన దాని మీద మళ్లీ గీయరు, గీసిన తర్వాత ఆలస్యమూ చేయరు. గీత కింద ఒక అగ్గిపుల్ల ఉంచి, రెండు పక్కలా బొటనవేళ్లతో నొక్కగానే పలక టక్కుమని రెండవుతుంది. గట్టిపరచిన గాజును, అంటే కార్ల పక్క అద్దాల్లో వాడే టఫెన్డ్ రకాన్ని, ఇలా కోయడం అసాధ్యం, ఎందుకంటే గాటు లోతుకు దిగగానే పలకంతా పలుకులై రాలుతుంది. అది కావాలంటే కొలత ఇచ్చి ముందే చేయించుకోవాలి; నేలకు దగ్గరగా దిగే కిటికీలకూ, పిల్లలు తిరిగే తలుపులకూ అదే మేలు.

మామూలు ఇంటి గడికి నాలుగు మిల్లీమీటర్ల మందం సరిపోతుంది. ఆ మందపు గాజు చదరపు మీటరుకు 10 కిలోలు తూగుతుంది కాబట్టి, ఒకటిన్నర అడుగు పొడవు, అడుగు వెడల్పు ఉన్న పలక కిలోన్నరకు లోపే. కొత్త పలకను పాతవాటి పక్కన నిలిపి చూస్తే ఒక తేడా కనిపిస్తుంది: పాత అద్దంలో వీధి స్తంభం కాస్త వంకరపోతుంది, కొత్తదానిలో పోదు. పాతది కొలిమి నుంచి పలకగా పైకి లాగినది కనుక దాని ముఖం మీద అలలుంటాయి. 1959లో పిల్కింగ్టన్ సంస్థ ప్రకటించిన ఫ్లోట్ పద్ధతిలో కరిగిన గాజును కరిగిన తగరం మీద తేల్చుతారు కాబట్టి రెండు ముఖాలూ చదునుగా వస్తాయి. అలల అద్దం దొరకడం కష్టం కాబట్టి, పాత ఇంటి కిటికీలో పగలని గళ్లను కదపకుండా ఉంచడమే వివేకం.

గాడి శుభ్రమైన తర్వాత వెంటనే లప్పం పెట్టరాదు. ఎండిన చెక్క లప్పంలోని నూనెను పీల్చేసి, పొడిని మాత్రం మిగులుస్తుంది. అందువల్ల ముందుగా గాడికి పలచని నూనె పూతో, చెక్క ప్రైమరో వేస్తారు. తర్వాత వేలితో లప్పం తాడు పేని, గాడి చుట్టూ పరుపులా పరుస్తారు. అద్దాన్ని దాని మీద ఉంచి అంచుల వెంట మెల్లగా అదుముతారే గాని, నడుమ చేయి వేయరు. లోపలి వైపు లప్పం సన్నగా పొంగి, పరుపు రెండు మిల్లీమీటర్ల మందానికి వచ్చేదాకా ఈ అదుముడు సాగుతుంది. చాలా చోట్ల ఎగరగొట్టేసే మెట్టు ఇదే. పరుపు లేని అద్దం గాలి వీచినప్పుడల్లా గలగలలాడుతుంది, వాన నీటిని గాడిలోకి దించుతుంది, కింది బద్దను కుళ్లబెడుతుంది. పరుపు కుదిరాక, తల లేని సన్న చీలలను జానెడు దూరానికి ఒకటి చొప్పున, సుత్తిని అద్దం మీద జారుస్తూ చెక్కలోకి దింపుతారు. చివరగా బయటి వైపు లప్పం నింపి, నూనె రాసిన కత్తిని ఏటవాలుగా పట్టి మూల నుంచి మూలకు ఒకే లాగుగా లాగితే, నీరు నిలవని వాలు ఏర్పడుతుంది. ఆ వాలు పై అంచు లోపలి చెక్క మెట్టు కంటే ఎత్తుకు పోకూడదు. పోతే గదిలోంచి చూసినప్పుడు లప్పం చార కనిపిస్తుంది. అద్దం మీద మిగిలిన నూనె జిడ్డును పొడి సుద్ద చల్లి తుడిస్తే పోతుంది.

లప్పానికి బదులు చెక్క బీడింగు పట్టీలు కొట్టడం తర్వాతి కాలపు అలవాటు. టేకు రెక్కలకు అది అందంగానూ ఉంటుంది, పట్టీల వెనుక పలచగా లప్పం పరుపు ఉన్నంతవరకు తప్పు లేదు. సిలికాన్ సంగతి వేరు. అది నీటిని బాగా ఆపుతుంది, స్నానాల గదిలో దానికి సాటి లేదు. కాని చెక్క రెక్కలో పూసిన సిలికాన్ మీద మామూలు రంగు నిలవదు, మళ్లీ అద్దం పగిలిన రోజున బ్లేడుతో గంటలకొద్దీ కోసినా గాడి శుభ్రపడదు. త్వరగా అయిపోతుందన్న ఒక్క కారణంతో దాన్ని వాడేవారు ఆ శ్రమను తమ తర్వాతివారి నెత్తిన పెడుతున్నారు. రెండు పలకల నడుమ గాలిని బంధించిన ఆధునిక జంట అద్దాలు ఎండనూ రొదనూ తగ్గిస్తాయన్నది నిజమే గాని, వాటి అంచు సీలు చెడి లోపల ఆవిరి పడితే ఇంట్లో బాగుచేసుకునే దారి లేదు, మొత్తం యూనిట్‌నే మార్చాలి. లప్పపు కిటికీలో పోయేది పగిలిన గడి ఒక్కటే. దాన్ని సుద్ద, నూనె, పిడికెడు చీలలతో ఊళ్లోని ఏ వడ్రంగి అయినా తిరిగి నిలబెట్టగలడు.

ఈ సులువు విలువ కోస్తా ఊళ్లకు బాగా తెలుసు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నాన్ని తాకినప్పుడు నగరంలో పగిలిన అద్దాలకు లెక్కలేదు. తుపానులో పగిలిన కిటికీతో నష్టం తడిసిన పరుపులతో ఆగదు. లోపలికి చొరబడిన గాలి కప్పును కింది నుంచి పైకి తోస్తుంది, అదే వేళ బయటి గాలి దాన్ని పైనుంచి లాగుతుంది. కాబట్టి తుపానుల నెలలు రాకముందే లప్పం ఊడిన చోట్లను వేలితో తడిమి చూసుకోవడం తీరప్రాంతంలో అక్కరకొచ్చే అలవాటు.

పెట్టిన లప్పం మీద పొర కట్టడానికి వారం నుంచి రెండు వారాలు పడుతుంది. ఆ తర్వాతే రంగు వేయాలి, వేసి తీరాలి. ఎందుకంటే రంగు లేని లప్పం ఎండకు నూనె కోల్పోయి పెళుసవుతుంది. రంగు వేసేటప్పుడు కుంచెను లప్పం అంచు దగ్గర ఆపకుండా, అద్దం మీదికి రెండు మిల్లీమీటర్లు పొడిగించి సన్నని గీతగా తీస్తారు. లప్పానికీ గాజుకూ నడుమ ఉండే వెంట్రుకవాసి సందును మూసేది ఆ గీతే. ఇంటివాళ్లు చాలామంది దాన్ని రంగు వేసినవాడి అజాగ్రత్తగా ఎంచి, పండుగ శుభ్రంలో బ్లేడు పెట్టి గీకేస్తారు. తొలకరి చినుకు లప్పం వెనక్కి దిగేది సరిగ్గా అక్కడి నుంచే.